నాలుగో స్లాట్ గారికి ఒక బాధితుడి బహిరంగ లేఖ

తిరుపతి, కొర్లగుంట,
మిద్దె మీద, నీళ్ళ ట్యాంకు పక్కన,
రాత్రి పదకొండున్నర.

మహారాజశ్రీ నాలుగో మూవ్ స్లాట్ గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఇక్కడ మేము క్షేమంగా లేము. దానికి కారణం మీరే కాబట్టి మీ క్షేమం అడగడం లేదు.

మీరెవరో తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 1996లో జపాన్‌లో మొదటి పోకెమాన్ ఆటలు వచ్చినప్పుడు పోకెమాన్‌లు, అంటే పోట్లాడే జీవులు, 151. మూవ్‌లు, అంటే అవి పోరులో వేసే ఎత్తులు, 165. ఒక్కో పోకెమాన్ నాలుగు మూవ్‌లే నేర్చుకోవాలన్నారు. ఆ నాలుగు చోట్లే స్లాట్లు. అప్పటికి అది చాల్లే అనుకుందాం. ఇప్పుడు పోకెమాన్‌లు వెయ్యి దాటాయి, మూవ్‌లు తొమ్మిది వందలు దాటాయి. స్లాట్లు మాత్రం నాలుగే. మా రాష్ట్రంలో 13 జిల్లాలు సరిపోవడం లేదని 2022 ఏప్రిల్‌లో 26 చేశారు. మా తిరుపతి కూడా చిత్తూరు నుంచి వేరుపడి సొంతంగా జిల్లా అయింది. అదే ఏడాది నవంబర్‌లో స్కార్లెట్, వయొలెట్ ఆటలు వస్తుంటే, అన్నీ పెరుగుతున్నాయి కదా, మీకూ ఒక తమ్ముడు పుడతాడేమో అని ఆశపడ్డాను. తమ్ముడు పుట్టలేదు సరికదా, ఉన్నవాళ్ళకే కోత పెట్టారు. ఆ సంగతికి వస్తాను.

కొట్టే పోకెమాన్‌లకు మీతో పెద్ద పేచీ ఉండదు. బలం పెంచుకునేది ఒకటి, గట్టి దెబ్బలు రెండు ఉంటే చాలు. నాలుగోది పెళ్ళి భోజనంలో అప్పడం. ఉంటే కరకరలాడుతుంది, లేకపోయినా ఎవరూ విస్తరి ముందు నుంచి లేచిపోరు. గోడలా నిలబడి దెబ్బలు కాసుకునే పోకెమాన్ బతుకు అట్లా కాదు. దాన్ని మేము వాల్ అంటాం. అది తను బతకాలి, పక్కవాళ్ళను బతికించాలి, అవతలివాణ్ణి కుదురుగా ఉండనివ్వకూడదు, తను ఊరికే కూర్చోకూడదు. ఇంత చాకిరీకి నాలుగు చేతులు, అందులో మూడు ముందే నిండిపోయి ఉంటాయి. మిగిలేది మీరు.

నా వాల్ పేరు బ్లిస్సీ. నేను పెట్టుకున్న పేరు పెద్దమ్మ. గులాబీ రంగు, గుండ్రటి ఒళ్ళు, పొట్ట మీద సంచిలో ఒక గుడ్డు. బేస్ హెచ్‌పీ, అంటే పుట్టుకతో వచ్చే ప్రాణబలం, 255, ఆటలో అంతకు మించింది లేదు. దూరం నుంచి విసిరే మంటలు, మెరుపులు, మంచు ఎన్నైనా కాసుకుంటుంది. కానీ డిఫెన్స్ 10. మీద పడి గుద్దితే అంతే సంగతులు. మా అవ్వ అచ్చం ఇంతే. కోడళ్ళు ముగ్గురూ కలిసి ఎన్ని మాటలన్నా చెక్కు చెదరలేదు. బాత్రూమ్‌లో ఒక్కసారి కాలు జారింది, ఆరు నెలలు మంచం దిగలేదు.

పెద్దమ్మ సెట్‌ను, అంటే దాని నాలుగు మూవ్‌లను, అమ్మ సరుకుల నోటుపుస్తకంలో ఒక పేజీ అడుక్కుని రాసుకున్నాను. మూడు మూవ్‌లు పెన్నుతో. నాలుగోది పెన్సిల్‌తో.

ఒకటోది సాఫ్ట్-బాయిల్డ్. గుడ్డు తిని సగం ప్రాణం వెనక్కి తెచ్చుకోవడం. ఇందాక కోత అన్నది దీని గురించే. ఒక ఆటలో 16 సార్లు దాకా వాడుకునేదాన్ని స్కార్లెట్, వయొలెట్‌లో ఎనిమిదికి దించారు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కేవాడికి ఎనిమిదంటే ఎనిమిదే సోడాలు లెక్కపెట్టి చేతిలో పెట్టినట్టు. మోకాళ్ళ పర్వతం చేరేసరికి సీసాలన్నీ ఖాళీ. రెండోది సైస్మిక్ టాస్. ఎదురుగా ఎంత మొనగాడున్నా మన లెవెల్ ఎంతో దెబ్బ అంత. మేం ఆడేది 100 లెవెల్‌లో కాబట్టి సరిగ్గా 100. బేరాల్లేవు, దయ్యం జాతికి తప్ప మినహాయింపుల్లేవు. ఆ 'తప్ప' దగ్గరే నా కొంప మునిగింది, చెప్తాను. మూడోది స్టెల్త్ రాక్. అవతలి పక్క రాళ్ళు పరిచేస్తే, ఆ పైన దిగే ప్రతివాడికీ గుచ్చుకుంటాయి. మామూలువాడికి ప్రాణంలో ఎనిమిదో వంతు, చారిజార్డ్‌కైతే ఏకంగా సగం. అదీ 2019 నుంచి హెవీ-డ్యూటీ బూట్స్ అని ఒక వస్తువు తగిలించుకుని టకటకా నడిచేస్తున్నారు. జనం చెప్పులు విప్పి ఎక్కే కొండ కింద పెరిగినవాణ్ణి నేను. రాళ్ళ మీద బూట్లేసుకుని నడిచేవాణ్ణి చూస్తే ఒళ్ళు మండుతుంది.

సరే, వీళ్ళు ముగ్గురూ ఎవరి కుర్చీలో వాళ్ళు కూర్చున్నారు. గొడవంతా మీ గుమ్మం దగ్గరే.

ఇన్ని సిఫార్సు లేఖలు బ్రేక్ దర్శనానికి కూడా రావు. థండర్ వేవ్ వచ్చి, నన్ను పెట్టుకోండి సార్, ఎంత పరిగెత్తేవాడి వేగమైనా సగానికి దించుతా, నాలుగింట ఒకసారి కాలు కూడా కదపనివ్వను అంటుంది. పదింట ఒకసారి తనే గురి తప్పుతానన్న ముక్క మాత్రం నోరు జారదు. హీల్ బెల్ వచ్చి, గంట మోగించి జట్టు మొత్తానికి విషం, కాలిన గాయాలు, పక్షవాతం అన్నీ పోగొడతా అంటుంది. గుడి ఊరివాణ్ణి, గంట అంటే చటుక్కున కాదనలేను. కామ్ మైండ్ ఇంకో రకం. నన్ను పెట్టుకుంటే మీ పెద్దమ్మే రౌడీ అవుతుంది చూడండి అంటుంది. అవునమ్మా, నువ్వున్నా సైస్మిక్ టాస్‌కు బలం పెరగదు కదా అంటే, అయితే దాన్ని తీసేసి వేరేది పెట్టండి అంటుంది. ఒక సీటు అడగడానికి వచ్చి పక్క సీటు కూడా ఖాళీ చేయించే రకం. టాక్సిక్‌ను చూస్తే పాపం అనిపిస్తుంది. ఒకప్పుడు టీఎంగా, అంటే మూవ్ నేర్పే వస్తువుగా, దాదాపు అందరికీ దొరికేది. కొత్త ఆటల్లో అది కొద్దిమందికే. గేటు బయట నిలబడి పాత పాస్ చూపిస్తూ ఉంది.

మంట చిమ్మే ఫ్లేమ్‌త్రోవర్ మాత్రం ఏమీ మాట్లాడదు. మూలన నిలబడి, నీకే తెలుస్తుందిలే అన్నట్టు చూస్తుంది.

ఎందుకు చూస్తుందో చెప్పాలంటే మా ఇంటి సంగతి చెప్పాలి. తిరుపతిలో ఇల్లున్నవాడి బాధ తిరుపతిలో ఇల్లున్నవాడికే తెలుసు. మా అమ్మ కూడా ఒక రకంగా వాలే. ఆమెకూ మూవ్‌లు నాలుగే. పెరుగన్నం, చాపలు, 'టికెట్లు మా చేతుల్లో ఏముంది వదినా' అనే నవ్వు. నాలుగోది, 'మా వాడికి పరీక్షలు'. ఇది అచ్చం ప్రొటెక్ట్. మొదటిసారి తిరుగులేదు. వెంటనే రెండోసారి వాడితే మూడింట ఒక వంతే పనిచేస్తుంది. అమ్మ పోయిన నెల వెంటవెంటనే రెండుసార్లు వాడింది. రెండోసారి ఫోన్‌లో చిన్నాన్న, 'మంచిదే వదినా, మావోడు కూడా తోడుగా కూర్చుని చదువుకుంటాడులే' అన్నాడు. తెల్లారేసరికి మదనపల్లి నుంచి ఐదుగురు దిగారు.

ఆ 'మావోడు' ఇంటర్ చదువుతున్నాడు. కొండ మీద గుండు చేయించుకుని, నెత్తి మీద గంధం ఆరకముందే నా పక్కన చాప మీద వాలి ఫోన్ తీశాడు. చెవి వెనక గంధం చారలు కట్టి ఉంది. 'అన్నా, షోడౌన్‌లో ఒక ఆట ఏసుకుందామా?' అన్నాడు. షోడౌన్ అంటే ఆన్‌లైన్‌లో పోకెమాన్ పోరాటాలు ఆడే చోటు. పిల్లోడు కదా, నేర్పిద్దాం అనుకున్నాను.

వాడు గోల్డెంగోను దించాడు.

స్టీల్, దయ్యం రెండు జాతులూ కలిసినవాడు. వెయ్యి బంగారు నాణేలు పేర్చినట్టుండే ఒళ్ళు. గిమ్మిగూల్ చేత 999 నాణేలు పోగేయిస్తేగానీ గోల్డెంగో పుట్టడు. అన్ని నాణేలేసుకుని మా ఊళ్ళో తిరిగితే సాయంత్రానికల్లా హుండీలో ఉండేవాడు. వాడి గుణం గుడ్ యాజ్ గోల్డ్. దెబ్బలు తప్ప, వాడికి గురిపెట్టి వేరే ఏ మూవ్ వేసినా అంటదు. ఆ రాత్రి మీ కుర్చీలో ఉన్నది థండర్ వేవ్. అంటలేదు. సైస్మిక్ టాస్ దయ్యానికి తగలదు. రాళ్ళు అప్పటికే పరిచేశాను. మిగిలింది గుడ్డు. నేను గుడ్డు తిన్నాను. వాడు నాస్టీ ప్లాట్ వేసి బలం రెట్టింపు చేసుకున్నాడు. ఏం చేయాలో తోచక మళ్ళీ గుడ్డు తిన్నాను. వాడు మళ్ళీ నాస్టీ ప్లాట్ వేశాడు.

'అన్నా, మీ పెద్దమ్మ టిఫిన్ తినేదానికి వచ్చిందా?'

హాల్లో పడుకున్న పిన్ని కూడా నవ్వింది. ఆమెకు పోకెమాన్ అంటే ఏమిటో తెలియదు, అయినా నవ్వింది.

ఆ రాత్రే థండర్ వేవ్‌ను చెరిపి ఫ్లేమ్‌త్రోవర్ రాశాను. గోల్డెంగో మంటకు ఓర్చలేడు. పెద్దమ్మ చేతిలో పస తక్కువ కాబట్టి మూడు దెబ్బలు పడుతుంది, అయినా మర్యాద దక్కుతుంది. ఇంకో లాభం కూడా ఉంది. ఎవడైనా టాంట్ విసిరితే మూడు టర్న్‌ల పాటు కొట్టే మూవ్‌లు తప్ప ఏవీ పనిచేయవు. గంట, గుడ్డు, రాళ్ళు అన్నీ మూలన కూర్చుంటాయి. అప్పుడు చేతిలో ఒక కొరివి ఉంటే ధైర్యం. ఇన్ని ఆలోచించి, మర్నాడు నేనే పిలిచాను, రారా తమ్ముడూ అని.

వాడు గోల్డెంగోను తేలేదు. డ్రాగనైట్‌ను తెచ్చాడు. డ్రాగన్ డాన్స్ ఆడించి, బలమూ వేగమూ పెంచుకుని మీద పడ్డాడు. డిఫెన్స్ 10 అని చెప్పాను కదా. థండర్ వేవ్ ఉండుంటే వాడి కాళ్ళు పట్టేసేవి అనుకున్నాను. ఫ్లేమ్‌త్రోవర్ చెరిపాను. థండర్ వేవ్ రాశాను. మూడో రోజు గోల్డెంగో మళ్ళీ వచ్చాడు. 'ఏందిరా, నా మూవ్‌లు నీకెట్లా తెలుస్తున్నాయి?' అంటే, 'పుస్తకం వంటింట్లో పప్పుడబ్బా మీదనే ఉండాది కదన్నా' అన్నాడు.

ఇక మిమ్మల్ని మీరు అనడం నావల్ల కాదు. నువ్వు అనే అంటాను.

నీ వల్ల నేనొక్కణ్ణే చెడిపోలేదు. ఫెరోథార్న్ అనే ఇంకో వాల్‌ను పెంచుకున్నవాళ్ళను అడుగు. లీచ్ సీడ్, స్పైక్స్, స్టెల్త్ రాక్, నాక్ ఆఫ్, పవర్ విప్, జైరో బాల్, బాడీ ప్రెస్, ప్రొటెక్ట్. ఎనిమిదిమంది ప్రయాణికులు, నాలుగు సీట్లు. మా ఆర్టీసీ బస్టాండు ముందు షేర్ ఆటోవాడికి అప్పజెప్పి ఉంటే ఎనిమిదిమందినీ కూర్చోబెట్టి, డ్రైవర్ పక్కన ఇంకొకడికి చోటుంది రండి రండి అని పిలిచేవాడు. నీకు ఆ పాటి సర్దుబాటు కూడా లేదు.

వాళ్ళు వెళ్ళిపోయాక, నిన్న రాత్రి డ్రాగనైట్ ఆట రీప్లే తీసి మొదటి నుంచి చూశాను. నీమీద ఫిర్యాదుకు ఆధారాలు కావాలి కదా. ఆధారాలు దొరకలేదు. పెద్దమ్మ ఎదురుగా డ్రాగనైట్ నాట్యం మొదలుపెట్టిన టర్న్‌లో నేను నొక్కింది గుడ్డు. అప్పటికి పెద్దమ్మ ప్రాణం ముప్పాతిక పైనే ఉంది, గుడ్డు అవసరమే లేదు. వెనక నా జట్టులోదే స్కార్మరీ అనే పోకెమాన్ చెక్కుచెదరకుండా కూర్చుని ఉంది. దాన్ని దించి వర్ల్‌విండ్ వేసుంటే వాడి నాట్యం, పెంచుకున్న బలం అన్నీ గాలికి కొట్టుకుపోయేవి. ఆట మొత్తంలో నాలుగో మూవ్‌ను నేను ఒక్కసారి కూడా నొక్కలేదు. నీ కుర్చీలో ఫ్లేమ్‌త్రోవర్ ఉన్నా, థండర్ వేవ్ ఉన్నా, మా వీధి చివర ఇస్త్రీ బండి ఉన్నా జరిగేది అదే.

ఇది నీకు చెప్పడం అవసరమా అని కాసేపు ఆలోచించాను. బహిరంగ లేఖ కదా, మావోడు కూడా చదువుతాడు. అయినా తప్పు నీదే. నువ్వు ఐదో తమ్ముణ్ణి తెచ్చుకుని ఉంటే నేను గుడ్డు నొక్కేవాణ్ణి కాదు. ఎందుకు అని అడగకు.

వచ్చే శనివారం నెల్లూరు నుంచి అత్తవాళ్ళు వస్తున్నారు. వాళ్ళబ్బాయి బీటెక్. వాడు డబుల్స్ ఆడతాడట. ఈలోగా నీ సంగతి తేల్చాలి.

ఇట్లు,
నీ బాధితుడు,
పెద్దమ్మ తాలూకు మనిషి.

తా.క. ఇప్పుడే హీల్ బెల్ రాద్దామని పుస్తకం తీశాను. చెరిపి చెరిపి నాలుగో మూవ్ దగ్గర కాగితం చిరిగి రూపాయి బిళ్ళంత కంత పడింది. కింది పేజీలో శనివారానికి అమ్మ రాసుకున్న సరుకులు కనిపిస్తున్నాయి. పెద్దమ్మ సెట్ ప్రస్తుతానికి ఇది: సాఫ్ట్-బాయిల్డ్, సైస్మిక్ టాస్, స్టెల్త్ రాక్, పెరుగు రెండు లీటర్లు.