నీలిచుక్క మాహాత్మ్యం

అక్వేరియంలో చేప రెక్కలు ముడిచినా, మొప్పలు వేగంగా ఆడించినా, మేత ముట్టక ఓ మూలకు చేరినా పెంపకందారు చేయవలసిన పని ఒక్కటే: మిథిలీన్ బ్లూ అనే నీలిరంగు మందు సీసా మూత తీయడం. రోగమేమిటన్న విచారణ అనవసరం. నీటిని పరీక్షించడం అంతకన్నా అనవసరం. పరీక్షిస్తే చేపల విసర్జనతో నీటిలో పేరుకునే విషం, అమ్మోనియా, బయటపడవచ్చు, బయటపడితే తప్పు చేపది కాదని ఒప్పుకోవలసి రావచ్చు. నీలిచుక్కలు ఎవరినీ అలా ఇరుకున పెట్టవు.

ఈ రంగు వంశప్రతిష్ఠ సామాన్యమైనది కాదు. 1876లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త హైన్రిష్ కారో దీనిని బట్టల అద్దకానికి తయారు చేస్తే, 1891లో జర్మన్ వైద్యులు పాల్ ఎర్లిక్, పాల్ గుట్‌మన్ మలేరియా రోగులకు ఇచ్చి చూశారు. మనుషుల మలేరియాకు ఇచ్చిన మందు గప్పీ చేపకు పనికిరాదా అని ఎదురు ప్రశ్న వేసేవారి నోరు మూయించడం కష్టం. నిజానికి దీనికి చేతనైన పనులు కొన్ని ఉన్నాయి. చేపగుడ్లకు పట్టే బూజును అరికడుతుంది. నీటిలో నైట్రైట్ అనే విషం పెరిగి, చేప రక్తం గోధుమరంగుకు తిరిగి, ప్రాణవాయువును మోయలేని స్థితికి వచ్చినప్పుడు దానిని మళ్లీ దారిలో పెట్టడానికి తోడ్పడుతుంది. అయితే సర్వరోగ నివారిణిగా పట్టాభిషేకం చేశాక, నీకు చేతనైనంతే చెయ్యమనడం మర్యాద కాదు.

తెల్లమచ్చల రోగాన్నే తీసుకుందాం. చేప ఒంటిమీద ఉప్పురవ్వలు చల్లినట్టు కనిపించే ఆ మచ్చల్లో ఉన్న పరాన్నజీవి చర్మం కింద దాగి ఉన్నంత కాలం నీటిలో కలిపిన మందుకు చిక్కదు. అది పెరిగి పెద్దదై, చేపను వదిలి, తొట్టి అడుగున గుల్ల కట్టుకుని, లోపల వందల పిల్లలుగా చీలిపోయాక, ఆ పిల్లలు కొత్త చేపను వెతుక్కుంటూ ఈదే కొద్దిపాటి వ్యవధిలోనే మందుకు దొరుకుతుంది. వెచ్చని నీటిలో ఈ చక్రం కొద్ది రోజుల్లో తిరుగుతుంది, చల్లని నీటిలో వారాలు పడుతుంది. మన వైద్యశిఖామణి మాత్రం రాత్రి చుక్కలు వేసి, తెల్లవారి మచ్చలు రాలిపోవడం చూసి, రోగం కుదిరిందని ప్రకటించి మందు ఆపేస్తాడు. పరాన్నజీవి ప్రసూతి సెలవు మీద వెళ్లిందన్న వార్త ఆయనకు అందదు. అది సకుటుంబంగా తిరిగి వచ్చిన రోజున మందు చాలలేదన్నదే ఆయన తీర్పు గనుక, ఈసారి చుక్కలు రెట్టింపు అవుతాయి.

ఈలోగా ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు, దెబ్బ ఫిల్టరులోని మంచి బ్యాక్టీరియాకు తగులుతుంది. చేప విసర్జించే అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చేవి అవే. అవి చచ్చిపోతే అమ్మోనియా పెరుగుతుంది, చేప నీటి పైకి వచ్చి నోరు తెరుస్తుంది. నోరు తెరిచిందంటే రోగం ముదిరిందని అర్థం. రోగం ముదిరిందంటే మరికొన్ని చుక్కలని అర్థం. అద్దాలను అతికించిన సిలికాన్ శాశ్వతంగా నీలమవుతుంది, మొక్కలు వాడిపోతాయి, నీరు సిరాలా చిక్కబడి చేప కనిపించకుండా పోతుంది. ఈ వైద్యంలోని అసలు విజయం ఇదే: చేప కనబడనప్పుడు దాని రోగలక్షణాలూ కనబడవు.

కొందరి తొట్టెల్లో నీరు ఒక్కరోజులోనే మళ్లీ తేటపడుతుంది. మందునంతా చేపలు పీల్చుకున్నాయని వారు మురిసిపోతారు. పీల్చుకున్నది ఫిల్టరులో తీయకుండా వదిలేసిన కార్బన్ బొగ్గు.

రోగపు చేపను వేరే తొట్టిలోకి మార్చి, లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని కొలిచి మందు వేసి, గాలి బాగా ఆడేలా చూసి, అసలు తొట్టిలో నీరు మార్చే వారు కూడా ఉన్నారు. వారికి భక్తి తక్కువ. నిజమైన భక్తుడు చచ్చిన చేపను వలతో తీసి, మందు ఒక రోజు ముందే వేయవలసిందని తీర్మానించి, మిగిలిన చేపలకు ముందుజాగ్రత్తగా సీసాను మరోసారి వంచుతాడు.