రెండో నల్లగొండ టెక్నిక్

మా జిల్లా పేరు పెట్టుకున్న శాస్త్రీయ పద్ధతి ఒకటి ప్రపంచంలో ఉంది. 1970లలో నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు తయారు చేశారు. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి బాగా కలిపి తేరనిస్తే ఫ్లోరైడు మడ్డితో పాటు అడుక్కి దిగుతుంది, పైనీళ్లు వంపుకొని తాగొచ్చు. దాన్నే నల్లగొండ టెక్నిక్ అంటారు. కాకపోతే దాంతో బాదరబందీ ఎక్కువ. పటిక కొనాలి, రోజూ ఎవరో ఒకరు కలపాలి, మిగిలిన మడ్డి ఎక్కడో పారబోయాలి. ఇవేవీ లేని రెండో టెక్నిక్‌ను ఈమధ్యే మా తమ్ముడి కొడుకు లాప్‌టాప్‌లో చూశాను. చార్టు గీసే ప్రోగ్రాంలో ఒక్క లైను రాస్తే చాలు. ఫ్లోరైడే కాదు, ఏదైనా దిగిపోతుంది. ఎక్కాలంటే ఎక్కుతుంది కూడా.

నా అర్హత ముందే చెప్పుకుంటాను. ముప్పై ఏళ్లకు పైగా హైస్కూల్లో లెక్కలు చెప్పాను. గ్రాఫ్ కాగితం పైమూలన 'స్కేలు: ఎక్స్ అక్షం మీద 1 సెం.మీ. = 1 యూనిట్' అని రాయకపోతే, గీత ఎంత చక్కగా వచ్చినా అర మార్కు కోసేవాణ్ని. ఆ అర మార్కు కోసం నా టేబుల్ చుట్టూ తిరిగి ఏడ్చిన పిల్లల్లో కొందరు ఇప్పుడు ఏసీ గదుల్లో తెరల మీద చార్టులు చూపిస్తున్నారు. మూలన స్కేలు మాత్రం ఉండదు. నా మీద కక్ష తీర్చుకుంటున్నారేమో తెలియదు.

మా పిల్లగాడు వాడేది మ్యాట్‌ప్లాట్‌లిబ్ అనే లైబ్రరీ, అంటే పైథాన్ అనే కంప్యూటర్ భాషలో చార్టులు గీసిపెట్టే రెడీమేడ్ కోడ్. జాన్ హంటర్ అనే నాడీశాస్త్ర పరిశోధకుడు మెదడు సంకేతాలు చూసుకోవడానికి రాసుకొని, 2003లో అందరికీ ఉచితంగా ఇచ్చేశాడు. పాపం, ఆయన ఉద్దేశం మంచిదే. మనం ఏమీ చెప్పకపోతే ఈ లైబ్రరీ నిజాయితీగానే ఉంటుంది. ఉన్న అంకెల్లో చిన్నదీ పెద్దదీ చూసుకుంటుంది, అటూ ఇటూ నూటికి ఐదు వంతులు ఖాళీ వదులుతుంది, గీత గీస్తుంది. నిలువు కడ్డీల చార్టయితే కడ్డీ పాదం సున్నా మీదే ఆనిస్తుంది. దీన్ని ఆటోస్కేల్ అంటారు. ప్రజాస్వామ్యంలో ఇలాంటి అమాయకత్వం ఎంతకాలం చెల్లుతుంది?

ఉదాహరణకు వడ్లు. సాధారణ రకానికి కేంద్రం మద్దతు ధర 2023-24లో క్వింటాలుకు 2183 రూపాయలు, ఆ మరుసటి ఏడు 2300. పిల్లగాడు రెండు కడ్డీలు వేశాడు. పక్కపక్కన నిలబెట్టిన కవల పిల్లల్లా ఉన్నాయి. మిర్యాలగూడ మిల్లు ముందు రాత్రంతా ట్రాక్టర్ మీద పడుకున్న రైతుకు ఈ బొమ్మ చూపిస్తే ఏమనుకుంటాడు? అందుకే వాడు సెట్ వైలిమ్ అనే కమాండ్‌తో వై అక్షం అడుగును 2150 దగ్గర పెట్టాడు. ఇప్పుడు మొదటి కడ్డీ ఎత్తు 33, రెండోది 150. నాలుగున్నర రెట్లు! పెరిగింది 117 రూపాయలే, రైతు జేబులోకి అంతకన్నా ఒక్క పైసా ఎక్కువ పోలేదు. అయినా కళ్లకు పండగ. ఖజానాకు ఖర్చు లేకుండా రైతుకు ఇంత మేలు చేసిన పథకం ఇంకొకటి ఉంటే చూపించండి.

అక్షం ఎప్పుడూ సున్నా దగ్గరే మొదలుకావాలని వాదించే ఛాందసులు కొందరున్నారు. వాళ్లను ఎండాకాలంలో ఒకసారి నాగార్జునసాగర్ కట్ట మీదికి తీసుకుపోవాలి. సాగర్ నిండు నీటిమట్టం 590 అడుగులు. 510కి దిగితే సాగుకు నీళ్లు లేనట్టే, కాల్వ కింది ఆయకట్టు నోరు తెరుచుకొని చూడాల్సిందే. ఈ అడుగులు సముద్ర మట్టం నుంచి కొలిచినవి. చార్టును సున్నా నుంచి మొదలుపెడితే 510 దగ్గర కూడా కడ్డీ నూటికి 86 వంతులు నిండి కళకళలాడుతుంది. అంటే సున్నాను నమ్ముకున్నా అబద్ధం ఆడొచ్చన్నమాట, పైగా చేతికి మట్టి అంటకుండా. సాగర్‌కు 510 నుంచి 590 వరకు పెట్టడమే న్యాయం. వడ్ల ధర చార్టు గీసినవాడికి ఈ సంగతి చెప్పి చూడండి, 'మరి నేను చేసిందీ అదే కదా' అంటాడు.

ఇక అసలు ఫ్లోరైడు. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని నియమం. మా దిక్కు కొన్ని బోర్లలో అంతకు ఎన్నో రెట్లు వచ్చింది. పటిక బకెట్ పక్కన పెట్టి, వై అక్షం పైకొనను 100కు సెట్ చేయండి. 1.5 ఎక్కడుందో, 6 ఎక్కడుందో భూతద్దం పెట్టినా దొరకదు. గీత నేల మీద చాప పరిచినట్టు పడుకుంటుంది. వంగిన నడుముతో ఆ నీళ్లు మోసిన మనిషి చార్టులో ఎలాగూ కనిపించడు.

ఒక సమావేశంలో నా కళ్లారా చూసిన ముచ్చట. భూగర్భజలం ఎంత లోతున ఉందో చూపే చార్టు పెట్టారు. గీత ఏటేటా పైకి పోతోంది. వచ్చిన పెద్దమనిషి 'శభాష్' అని చప్పట్లు కొట్టాడు, వెనక కూర్చున్నవాళ్లూ కొట్టారు. లోతు పెరిగిందంటే నీళ్లు పాతాళానికి పోయినట్టని చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. ఇలాంటి చార్టులో అక్షాన్ని తలకిందులు చేయాలి, దానికి ఇన్వర్ట్ వైయాక్సిస్ అని కమాండే ఉంది. చేయడం మరిచిపోయారో, చేయకూడదనుకున్నారో అడగలేదు. భోజనాలు బాగున్నాయి.

పాలమూరు నుంచి బొంబాయి, పుణె పోయిన వలస కూలీల విషయంలో నాకు లాగ్ స్కేల్ మీద గొప్ప గురి. ఈ స్కేలు మీద 10కీ 100కూ ఎంత దూరమో 100కూ 1000కీ అంతే. కూలీ జేబులో వెయ్యి, కంట్రాక్టరు చేతిలో కోటి ఉన్నాయనుకోండి. మామూలు స్కేలు మీద కూలీ భూమికి అతుక్కుపోతాడు. లాగ్ మీద వాళ్ల మధ్య ఉన్నది నాలుగే మెట్లు. భూసంస్కరణలు ఇన్నేళ్లలో చేయలేని పని ఒక్క సెట్ వైస్కేల్‌తో తీరిపోయింది. ఒకటే లోపం. లాగ్ స్కేల్ మీద సున్నాకు చోటు లేదు. జేబులో ఏమీ లేనివాడు చార్టులోకి రాలేడు, ఎర్రర్ కూడా రాదు. పింఛను జాబితాలో పేరు పోయినట్టు, చప్పుడు లేకుండా పోతాడు.

ఒకే బొమ్మకు రెండు వై అక్షాలు పెట్టే ట్విన్‌ఎక్స్ కూడా ఉంది. అన్నదమ్ములు పొయ్యిలు వేరు పెట్టుకొని ఒకే వాకిట్లో ఉన్నట్టు ఎవరి స్కేలు వాళ్లది. రెండు గీతలు ఎక్కడ కలవాలంటే అక్కడ కలుస్తాయి. ఎక్కువ చెప్పను, కాపురాలు కూలుతాయి.

ఇంత విద్య నేర్చుకొని ఊరికే ఉండటమెందుకని, నా మీద నేనే ప్రయోగం చేసుకున్నాను. పరగడుపు షుగర్ ఆర్నెల్లలో 140 నుంచి 210కి పోయింది. ఇంట్లో తెలిస్తే చాయ్ బంద్. పిల్లగాడితో వై అక్షాన్ని 0 నుంచి 1000 వరకు పెట్టించి ప్రింట్ తీయించి ఫ్రిజ్ మీద అంటించాను. గీత కృష్ణా నది మీద తెప్పలా నిలకడగా ఉంది. మా ఆవిడ ఏడో తరగతితో బడి మానేసిన మనిషి. కొంగుతో చేయి తుడుచుకుంటూ వచ్చి రెండు నిమిషాలు చూసింది.

"గీత సక్కగనే ఉంది. మరి ఈ పక్కన అంకెలేందయ్యా? మనిషికి వెయ్యి షుగరు ఉంటదా?"

సాయంత్రం నుంచి చాయ్‌లో చక్కెర లేదు. రాత్రి పిల్లగాడికి ఫోన్ చేశాను.

"ఒరే బిడ్డా, ఆ పక్కనుండే అంకెలు తీసేసే కమాండ్ ఏమన్నా ఉందా?"

"ఉంది పెద్దనాయిన. సెట్ వైటిక్స్ రాసి ఖాళీ బ్రాకెట్లు పెట్టు."