‘సర్వర్ పని చేస్తలేదు’ అంటే సరిపోదు

2025 సెప్టెంబర్ 30న అమెరికాలో ఏఓఎల్ సంస్థ ఫోన్ లైను మీద నంబరు డయల్ చేసి కలిపే తన డయలప్ ఇంటర్నెట్ సేవను మూసేసింది. సరిగ్గా రెండు వారాలకు, అక్టోబర్ 14న, విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. మొదటి వార్త మన దగ్గర ఎవరికీ పట్టలేదు. రెండోది మాత్రం నల్లగొండ, మహబూబ్‌నగర్ సర్కారు బడుల్లోనూ జిరాక్స్ షాపుల్లోనూ ఉన్న పాత కంప్యూటర్ల నెత్తిన పడింది. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేని యంత్రానికి విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. ఇప్పుడు వీటిని తుక్కు కింద అమ్మేయాలా, ఉచితంగా దొరికే లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం ఎక్కించి వాడుకోవాలా అన్నది ప్రశ్న.

లినక్స్ ఎక్కించాల్సిందే. లైసెన్సు డబ్బులు మిగులుతాయనే వాదన అందరూ చేసేదే, అందులో నిజమూ ఉంది. నేను మాత్రం వేరే కారణం చెబుతాను. లినక్స్ మీద డయలప్ కనెక్షన్ సరిచేసుకుంటూ పెరిగిన తరానికి ఒక విద్య అబ్బింది. యంత్రం పని చేయకపోతే ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది అని దాని చేతే చెప్పించడం. ఈ రోజు రేషన్ దుకాణం ముందు వేలు తుడుచుకుంటూ నిలబడ్డ అవ్వకు కొదవైంది సరిగ్గా అదే.

మన దేశంలో అప్పటి ప్రభుత్వ సంస్థ వీఎస్ఎన్ఎల్ ఇంటర్నెట్‌ను జనానికి అందుబాటులోకి తెచ్చింది 1995 ఆగస్టు 15న. చిన్న పట్టణాలకు అది చేరేసరికి ఇంకొన్నేళ్లు పట్టింది. ల్యాండ్‌లైన్, కంప్యూటర్‌ను ఆ లైనుకు కలిపే మోడెమ్, సెకనుకు మహా అయితే 56 కిలోబిట్ల వేగం. ఇదంతా తెలిసిందే. అసలు సంగతి తెర మీద కనిపించే వరుసల్లో ఉంది.

లినక్స్‌లో డయల్ చేయడానికి ఎక్కువగా వాడిన ప్రోగ్రాం డబ్ల్యూవీడయల్. ఆజ్ఞలు టైపు చేసే టెర్మినల్‌లో ఆ పేరు కొట్టి ఎంటర్ నొక్కితే, తాను చేసే ప్రతి పనినీ రాసుకుంటూ పోతుంది. ముందు మోడెమ్‌కు ‘ఏటీజెడ్’ అని పంపుతుంది. పాత సెట్టింగులన్నీ వదిలేసి మొదటికి రమ్మని దానర్థం. మోడెమ్ ‘ఓకే’ అనాలి. అనలేదంటే ఫోన్ లైను జోలికే పోనక్కర్లేదు, గొడవ కంప్యూటర్‌కూ మోడెమ్‌కూ మధ్యనే ఉంది. ఓకే వచ్చాక ‘ఏటీడీటీ’ అని, వెంటనే నంబరు. ఇక్కడ ‘నో డయల్‌టోన్’ అని వస్తే పక్కనున్న ఫోన్ ఎత్తి చెవిన పెట్టుకోవాలి. టోన్ వినపడుతుంటే లైను బాగానే ఉంది, ఆ ఎక్స్చేంజి ఇచ్చే టోన్‌ను మోడెమే గుర్తుపట్టడం లేదు. సెట్టింగుల్లో ‘ఏటీఎక్స్3’ అని ఒక్క ముక్క చేరిస్తే టోన్ కోసం చూడకుండా డయల్ చేసేస్తుంది. మరీ పాత ఎక్స్చేంజి అయితే టోన్ డయలింగే తెలియదు, అప్పుడు పల్స్ పద్ధతికి మార్చి ‘ఏటీడీపీ’ అనాలి. ‘నో క్యారియర్’ అని వస్తే అవతలి మోడెమ్ ఎత్తలేదనో, రెండింటికీ పొత్తు కుదరలేదనో లెక్క. వానాకాలంలో తీగ అతుకుల్లోకి నీళ్లు దిగి లైనంతా గరగరమన్నప్పుడు వచ్చే మాట ఇదే.

‘కనెక్ట్ 115200’ అని కనిపించగానే అంత వేగం వచ్చిందని మురిసిపోయినవాళ్లు చాలామంది. ఆ అంకె చాలా మోడెములలో కంప్యూటర్‌కూ మోడెమ్‌కూ మధ్య వేగం మాత్రమే, ఫోన్ తీగ మీద వేగం కాదు. చిన్న విషయమే గానీ, కళ్ల ముందున్న అంకెను కూడా ఇది దేనికి సంబంధించింది అని అడగాలన్న బుద్ధి ఇలాంటి చోటే పుడుతుంది.

కలిసిన తర్వాత పని పీపీపీడీ అనే మరో ప్రోగ్రాం చేతికి పోతుంది. ఇది నడిచే పీపీపీ అనే నియమాలు 1994లోనే ఆర్ఎఫ్‌సీ 1661 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం పేరుతో అందరూ చదువుకునేలా అచ్చయ్యాయి. ముందు రెండు యంత్రాలూ లైను మీద ఎట్లా మాట్లాడుకోవాలో తేల్చుకుంటాయి. తర్వాత యూజర్ నేమ్, పాస్‌వర్డ్ చూస్తాయి. ఆ పైన నెట్‌లో మన యంత్రాన్ని గుర్తించే అంకె, అంటే ఐపీ చిరునామా ఇస్తాయి. ఈ వరుస తప్పదు. సెట్టింగుల్లో ‘డీబగ్’ అని ఒక్క మాట చేర్చామంటే, ఇటు నుంచి పోయిన ప్రతి విన్నపం, అటు నుంచి వచ్చిన ప్రతి జవాబు లాగ్ ఫైల్లో రాసి పెడుతుంది. చివరకు ఆగిపోయినా ఊరికే ఆగదు, ఒక అంకె ఇచ్చి ఆగుతుంది. 16 అంటే మోడెమ్ లైను తెంపేసింది. 19 అంటే మన పాస్‌వర్డ్‌ను అటువైపు ఒప్పుకోలేదు. 15 అంటే పలకరిస్తే అటు నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఈ అంకెల అర్థాలన్నీ ఆ ప్రోగ్రాంతో పాటు వచ్చే మాన్యువల్లోనే ఉంటాయి, ఎవర్నీ బతిమాలే పని లేదు.

అన్నిటికన్నా సతాయించేది ఇంకొకటి ఉంది. కనెక్ట్ అయింది, ఐపీ వచ్చింది, అయినా ఒక్క పేజీ తెరుచుకోదు. అప్పుడు ఏదైనా సర్వర్ ఐపీ అంకెకు పింగ్ కొట్టి, అంటే జవాబిస్తుందా అని పలకరించి చూడాలి. అంకెకు జవాబొచ్చి పేరుకు రాకపోతే దారి బాగానే ఉంది, పేరును అంకెగా మార్చే డీఎన్ఎస్ చిరునామా రిజాల్వ్ డాట్ కాన్ఫ్ ఫైల్లో లేదు. అంకెకే జవాబు రాకపోతే లాగ్ తెరవాలి. ‘నాట్ రీప్లేసింగ్ ఎగ్జిస్టింగ్ డిఫాల్ట్ రౌట్’ అని ఒక వరుస ఉంటుంది. నెట్ సెంటర్లో నాలుగు కంప్యూటర్లను కలిపిన ల్యాన్ కార్డు ముందే బయటి దారిని పట్టుకుని కూర్చుందన్నమాట, మోడెమ్‌కు దారి దొరకలేదు. పాత రౌట్ తీసేసి మళ్లీ డయల్ చేస్తే చాలు, నెట్ వచ్చేస్తుంది. ఇదే సమస్యతో కంప్యూటర్ షాపుకు పోతే అప్పట్లో వినిపించిన మాట ఒక్కటే, ‘ఫార్మాట్ కొడదాం’.

విండోస్ ఏమీ చెప్పేది కాదని అనను. 680 అంటే డయల్ టోన్ లేదు, 691 అంటే పాస్‌వర్డ్ తప్పు. కానీ మామూలు వాడకందారుకు కనిపించేది ఆ చివరి అంకె ఒక్కటే. దాని వెనక జరిగిన సంభాషణ ఎక్కడో లోపల. లినక్స్‌లో అది కళ్ల ముందే జరుగుతుంది. నమ్మకం కుదరకపోతే సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రాం అసలు రాత తెరిచి, ఆ మాట ఏ పరిస్థితిలో రాస్తుందో కూడా చూడొచ్చు. ఈ తేడాయే నా వాదనకు మూలం.

మూసి ఉంచితే ఏమవుతుందో అదే కాలంలో విన్‌మోడెములు చూపించాయి. ధర తగ్గించడానికి మోడెమ్‌లో సగం పనిని చిప్ నుంచి తీసేసి విండోస్ డ్రైవర్ నెత్తిన పెట్టారు. ఆ డ్రైవర్ ఎట్లా పని చేస్తుందో కంపెనీలు బయటపెట్టలేదు. దాంతో లినక్స్‌లో ఆ కార్డులు చాలావరకు మూగవే. కోనెక్సాంట్ చిప్‌లకు లినక్సాంట్ అనే సంస్థ డ్రైవర్ ఇచ్చింది గానీ, ఉచితంగా ఇచ్చినదాన్ని 14.4 కిలోబిట్ల దగ్గర కట్టేసింది. మిగతా వేగం కావాలంటే డబ్బు కట్టాలి. డబ్బు పెట్టి కొనుక్కున్న వస్తువు, తీగలో ఏ లోపమూ లేదు, అయినా పని చేయదు. కారణం దాచిపెట్టినవాడి చేతిలో మన వేగం కూడా ఉంటుంది.

పిల్లల చేతుల్లో 5జీ ఫోన్లుంటే చచ్చిపోయిన డయలప్ ఎందుకు, ఉద్యోగాలన్నీ విండోస్, ఎక్సెల్ మీదుంటే లినక్స్ ఎందుకు అని అడుగుతారు. అడగాల్సిందే. ఎక్సెల్ నేర్పొద్దని ఎవరూ అనడం లేదు. కానీ ఫోన్ వాడటం వచ్చినంత మాత్రాన నెట్‌వర్క్ అర్థమైనట్టు కాదు. డయలప్ కూడా పూర్తిగా పోలేదు, వేషం మార్చింది. ఫైబర్ కనెక్షన్లలో చాలావాటికి రౌటర్లో యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఎక్కించేది పీపీపీఓఈ పద్ధతిలో, అంటే అదే పీపీపీ ఈథర్నెట్ మీద. 3జీ డాంగిల్ పెట్టి *99# డయల్ చేసినప్పుడు లోపల నడిచిందీ అదే పీపీపీ. ఫైబర్ పెట్టె మీద ఎల్ఓఎస్ (సిగ్నల్ పోయింది) అని రాసి ఉన్నచోట ఎర్ర లైటు కొట్టుకుంటుంటే ఫైబర్ తీగ సంగతి చూడాలి, అది వెలగకుండా నెట్ రాకపోతే లాగిన్ సంగతో డీఎన్ఎస్ సంగతో చూడాలి. డయలప్ లాగ్ ఒక్కసారి చదివిన పిల్లవాడికి ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు.

నేర్పడానికి ఫోన్ లైను కూడా అక్కర్లేదు. విండోస్ 10తో ఆగిపోయిన డెస్క్‌టాపులలో చాలావాటికి వెనక సీరియల్ పోర్టు ఇంకా ఉంది. లేకపోతే యూఎస్‌బీ కన్వర్టర్ పెట్టుకోవచ్చు. రెండు యంత్రాల మధ్య మోడెమ్ లేకుండా నేరుగా కలిపే నల్ మోడెమ్ కేబుల్ వేసి, రెండు వైపులా పీపీపీడీ నడిపితే చాలు. పాస్‌వర్డ్ ఫైల్లో ఒక అక్షరం మార్చాలి, డీఎన్ఎస్ వరుస తీసేయాలి, డిఫాల్ట్ రౌట్ చెడగొట్టాలి. లాగ్ చూసి ఎక్కడ తప్పుందో రాయమనాలి. మహాత్మాగాంధీ యూనివర్సిటీ, పాలమూరు యూనివర్సిటీ పరిధిలోని డిగ్రీ కాలేజీల్లో ఇదొక ప్రాక్టికల్‌గా పెట్టడానికి కొత్తగా కొనాల్సింది కేబులే. కేరళ సర్కారు బడుల్లో ఉబుంటు ఆధారిత వ్యవస్థతో ఏళ్ల తరబడి పాఠాలు నడుస్తున్నాయి. కేంద్రం కూడా 2015లోనే ఓపెన్ సోర్స్ వాడకంపై విధానం ప్రకటించింది. అడ్డం ఎక్కడుందో అధికారులే చెప్పాలి.

ఇప్పుడు రేషన్ దుకాణం దగ్గరికి వద్దాం, ఎందుకంటే ఈ విద్య ల్యాబులో ఆగిపోతే లాభం లేదు. దేవరకొండ వైపు గానీ, అచ్చంపేట వైపు గానీ నెల మొదట్లో ఏ దుకాణం ముందైనా కాసేపు నిలబడి చూడండి. అవ్వ కుడి బొటనవేలు పెడుతుంది. యంత్రం కీచుమంటుంది. చూపుడు వేలు పెడుతుంది. కొంగుతో తుడుచుకుని ఎడమ చెయ్యి పెడుతుంది. డీలర్ అంటాడు, “అవ్వా, సర్వర్ పని చేస్తలేదు, రేపు రా.” “మొన్న గూడ గట్లనే అంటివి కదా కొడుకా” అంటూ ఖాళీ సంచి మడతపెట్టుకుంటుంది.

సర్వర్ నిజంగా పని చేయలేదా? ఆధార్ ధ్రువీకరణ విఫలమైతే అటు నుంచి జవాబు ఊరికే రాదు, కోడ్‌తో వస్తుంది. 300 అంటే వేలిముద్ర కలవలేదు. ఏళ్ల తరబడి తట్ట మోసి, పత్తి ఏరి గీతలు అరిగిపోయిన చేతులకు ఇది వస్తుంది. ఇంకో వేలో, కనుపాపో, ఓటీపీయో చూడాలి. 330 అంటే బయోమెట్రిక్ లాక్ అయి ఉంది, తీయిస్తే సరిపోతుంది. 811 అంటే ఆ నంబరు మీద బయోమెట్రిక్ వివరాలే లేవు, ఆధార్ సెంటర్‌కు పోయి ఇవ్వాలి. మూడు కోడ్‌లకు మూడు వేర్వేరు దారులు. ప్రతి జవాబుకూ సమయం, దానికే చెందిన ప్రత్యేక గుర్తింపు కూడా ఉంటాయి. కారణం అక్కడ రాసి ఉంది, అవ్వ చెవిన మాత్రం పడేది ‘రేపు రా’. లాక్ అయిన ఆధార్‌తో ఆమె నెలంతా తిరిగినా కలిసేది లేదు. 811తో ఎన్ని వేళ్లు మార్చినా లాభం లేదు. డీలర్ మంచివాడా చెడ్డవాడా అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు, ఎంత మంచివాడైనా తనకు అర్థం కాని కోడ్‌ను ఆమెకు చెప్పలేడు. చెడ్డవాడైతే ఆ మాట చాటున ఏదైనా దాచగలడు.

ఇది రేషన్‌తో ఆగదు. ఉపాధి పనిలో రోజుకు రెండుసార్లు యాప్‌లో ఫొటో ఎక్కించాలన్న నిబంధన 2023 జనవరి 1 నుంచి, వ్యక్తిగత లబ్ధిదారుల పనులు తప్ప, అన్ని పనిచోట్లకూ వచ్చింది. నల్లమల చెంచు పెంటల్లో సిగ్నల్ సంగతి అందరికీ తెలుసు. ఫొటో ఎందుకు ఎక్కలేదో తెలిపే కాగితం కూలీ చేతికి ఎవరూ ఇవ్వలేదు. భూమి పోర్టల్‌కు 2020లో ధరణి అని పేరు పెట్టారు, 2025లో భూభారతి అన్నారు. పేరు ఏదైనా, దరఖాస్తు ఎక్కడ ఆగిందో, ఏ నియమం కింద ఆగిందో రైతుకు ఒక్క తెలుగు వరుసలో చెప్పడం ఇప్పటికీ అలవాటు కాలేదు.

ఈ ప్రాంతానికి ఇది తెలియని సంప్రదాయమేమీ కాదు. 2006లో ఉపాధి హామీ మొదలైన తొలి విడత జిల్లాల్లో మహబూబ్‌నగర్, నల్లగొండ రెండూ ఉన్నాయి. సామాజిక తనిఖీలో మస్టరును ఊరి నడుమ పెట్టి పేరు పేరునా గట్టిగా చదివితే, రాని కూలీ పేరు, చేయని పని లెక్క అక్కడికక్కడే బయటపడేవి. అక్షరం రానివాళ్లు కూడా విని ఎదురు ప్రశ్న వేశారు. వేలిముద్ర యంత్రంలోని లాగ్‌కు కూడా అదే పద్ధతి వర్తించాలి. ఊరిలో ఈ నెల ఎన్నిసార్లు వేలు కలవలేదు, ఏ కోడ్‌తో కలవలేదు, ఎంతమంది ఖాళీ సంచితో తిరిగిపోయారు అన్నది పేర్లు, ఆధార్ అంకెలు బయటపెట్టకుండానే గ్రామసభలో చదవొచ్చు.

సరుకు ఇచ్చినప్పుడు యంత్రం రసీదు కొడుతుంది. ఇవ్వనప్పుడు కూడా కొట్టాలి. ఆ చీటీ మీద తేదీ, సమయం, కోడ్, దాని అర్థం తెలుగులో, తర్వాత ఎక్కడికి పోవాలో ఒక వరుస ఉండాలి. కాగితం అదే, ప్రింటర్ అదే, మార్చాల్సింది సాఫ్ట్‌వేర్ ఒక్కటే. పౌరసరఫరాల శాఖ తలుచుకుంటే దేవరకొండ, అచ్చంపేట డివిజన్లలో వచ్చే నెల కోటాతోనే మొదలుపెట్టవచ్చు.