పింఛను వచ్చింది సరే, అవ్వను తిప్పేదెవరు?

మా అవ్వకు 84 ఏళ్లు. తిరుపతిలో రెండు గదుల ఇల్లు మాది. ఆమె మంచం పట్టి ఏడాదిన్నర అవుతోంది. ప్రతినెలా ఒకటో తారీఖు, ఇంట్లో పాలు కాగకముందే సచివాలయం ఆయన వస్తాడు. మిషన్ మీద అవ్వ వేలు పెడతాడు. పడదు. చీర కొంగుతో తుడిచి మళ్లీ పెడతాడు. అయినా పడదు. డెబ్భై ఏళ్లు చింతపండు పిసికీ, అంట్లు తోమీ అరిగిపోయిన వేళ్లవి. చివరికి ముఖం ఫొటోతో పని కానిచ్చి, 4 వేలు చేతిలో పెట్టి పక్కింటికి పోతాడు. అంతా కలిపి పది నిమిషాలు.

ఎగతాళికి చెప్పడం లేదు. 2024 ఏప్రిల్ నాకింకా గుర్తుంది. ఎన్నికలని వాలంటీర్లను పక్కన పెట్టారు, సచివాలయానికి వచ్చి తీసుకోమన్నారు. అప్పటికి అవ్వ కర్ర పట్టుకుని నడిచేది. ఆ ఎండలో ఆటోలో తీసుకుపోయాను. మే నెలలో బ్యాంకులో వేశారు, అక్కడ ఇంకో క్యూ. జులై ఒకటిన పెంచిన 4 వేలు, బకాయి 3 వేలు కలిపి ఇంటికే తెచ్చిస్తే, అవ్వ ఆ నోట్లు మూడుసార్లు లెక్కపెట్టుకుంది. గడప దాకా రావడం ఎంత గొప్పో మాకు తెలుసు.

వాలంటీరు మేలా, సచివాలయం ఉద్యోగి మేలా అని రెండు పార్టీల వాళ్లూ ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. ఎవరు తెచ్చినా, తెచ్చేది డబ్బే కదా! ఆ పది నిమిషాల తర్వాత నెలంతా ఏం జరుగుతుందో ఎవరికీ పట్టదు.

ఏం జరుగుతుందో నేను చెప్తాను. రెండు గంటలకోసారి అవ్వను పక్కకు తిప్పాలి, లేకపోతే నడుం దగ్గర చర్మం ఎర్రబడి పుండవుతుంది. తిప్పేది మా అమ్మ. ఆమెకు 61. ఒక చెయ్యి అవ్వ భుజం కింద, ఇంకో చెయ్యి తుంటి కింద పెట్టి, పళ్లు బిగబట్టి లాగుతుంది. రాత్రి రెండింటికి కూడా అలారం పెట్టుకుంటుంది. అమ్మకూ పింఛను వయసు వచ్చింది కానీ ఇంటికి ఒకటే పింఛను. అత్తకు వస్తోంది కాబట్టి కోడలికి లేదు.

మంచం మీద ఉన్నవాళ్లకు 15 వేలు ఇస్తున్నారు కదా అంటారు. ఇస్తున్నారు, 5 వేలు ఉన్నదాన్ని 15 వేలు చేశారు, మంచి పని. కానీ దానికి పక్షవాతమో, కండరాల జబ్బో, ప్రమాదమో ఉండాలి. మా అవ్వకున్నది వయసూ మతిమరుపూ. మంచం అదే, పుండూ అదే, కాగితం మీద గడి మాత్రం వేరు. ఏజెన్సీలో అడిగితే పగటిపూట మనిషికే నెలకు 18 వేలన్నారు. డైపర్లకే 4 వేలు చాలడం లేదు మాకు.

కేంద్రం 70 దాటినవాళ్లకు 5 లక్షల కార్డు ఇచ్చింది. అది ఆస్పత్రిలో చేరితేనే పనికొస్తుంది.

మా మేనత్త కాట్పాడి దగ్గర ఉంటుంది. చిత్తూరు దాటి ముప్పై, ముప్పై అయిదు కిలోమీటర్లు, అంతే. తమిళనాడులో 2021 నుంచి ‘మక్కళై తేడి మరుత్తువం’ అని నడుస్తోంది, జనాన్ని వెతుక్కుంటూ వచ్చే వైద్యం అని అర్థం. బీపీ, షుగర్ మాత్రలు ఇంటికే వస్తాయి. ఫిజియోథెరపీ వాళ్లు వస్తారు, మంచం పట్టినవాళ్లను చూసే నర్సులూ వస్తారు. కేరళలో అయితే 2008లోనే దీనికి ఒక విధానం తెచ్చి, పంచాయతీల ద్వారా నర్సులను ఇళ్లకు పంపుతున్నారు. మన దగ్గరా 2023లో ఫ్యామిలీ డాక్టర్ అని పల్లెలకు 104 బండిలో డాక్టరును పంపడం మొదలుపెట్టారు. మాలాంటి టౌను వాళ్ల గడప ఎక్కేదెవరు?

కొత్త ఆఫీసు కట్టక్కర్లేదు. ప్రతి వార్డు సచివాలయంలో ఆరోగ్య కార్యదర్శి ఉంది. వారానికోసారి మంచం మీదున్నవాళ్లను చూసి రమ్మని ఆమె డ్యూటీలో ఒక లైను రాయండి, ఆమె మీదున్న ఆన్‌లైన్ ఎంట్రీలు కొన్ని తగ్గించండి. ఇంతకు మించి నేనడగడం లేదు.

పోయిన నెల ఏదో సర్వేకి మా వీధికి వచ్చినప్పుడు ఆ అమ్మాయినే అడిగాను. “మాకు డ్యూటీలో లేదన్నా” అంది, మొహం చిన్నబుచ్చుకుని. ఆమె తప్పేముంది. చెప్పులేసుకోబోయి మళ్లీ లోపలికొచ్చింది. అవ్వ మోకాళ్ల మధ్య దిండు ఎలా పెట్టాలో, దుప్పటి కింద వేసి దాంతోనే ఎలా తిప్పాలో అమ్మ చేత రెండుసార్లు చేయించింది. అయిదు నిమిషాలు పట్టిందేమో. అమ్మకిప్పుడు నడుం నొప్పి కాస్త తగ్గింది.