మెడ తిరగని దొరవారికి: బ్యాట్‌మన్ ముసుగుకు ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ బ్యాట్‌మన్ ముసుగు గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. తమరు తమ కథల్లోని గాథమ్ నగరంలో ఏ రాతి బొమ్మ పక్కనో కూర్చుని, ఎప్పటిలాగే వానలో తడుస్తూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేమూ క్షేమమే, ఒక్క తగాదా తప్ప. ఆ తగాదా తమ గురించే. బ్యాట్‌మన్‌గా ఎవరు బాగున్నారు అని ఎవరో ఒకరు మాట జారతారు. అంతే, టీ చల్లారిపోతుంది, పదేళ్ల స్నేహం పక్కకు జరుగుతుంది. ఒకరు మైకేల్ కీటన్ అంటారు, ఇంకొకరు క్రిస్టియన్ బేల్ కోసం ప్రాణమిస్తారు, మొన్న మొన్న సినిమాలు చూడడం మొదలుపెట్టిన కుర్రవాడు రాబర్ట్ ప్యాటిన్సన్ తప్ప లోకంలో మరొకడు లేడంటాడు.

ఇంతకీ వీళ్లు పోల్చుకుంటున్నది దేనిని? నుదురు తమరిది. కనుబొమలు తమవి. చెంపలూ ముక్కూ కూడా తమ ఖాతాలోనే పడ్డాయి. నటుడికి తమరు దయతలచి వదిలింది రెండు పెదవులూ, ఒక చుబుకమూ. ఆ నాలుగు వేళ్ల జాగాను పట్టుకుని మేము అభినయం, సాత్వికం, అంతర్మథనం అంటూ అర్ధరాత్రి దాకా కొట్టుకుంటాం. ముసుగులో గుద్దులాట అంటే ఇదే కాబోలు.

ఒకే పాత్రను పలువురు వేస్తే పోల్చుకోవడం మాకు కొత్త కాదు సుమా. మా ఊళ్లలో కృష్ణ రాయబారం నాటకానికి ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులు వచ్చేవారు. పడక సీనుకు ఒకరు, రాయబారం సీనుకు మరొకరు. ప్రేక్షకులు పద్యం పద్యానికీ తూకం వేసి, నచ్చిన చోట వన్స్‌మోర్ అని అరిచేవారు. అయితే కృష్ణుడి కిరీటం నెత్తి మీదే ఆగుతుంది. నీలం రంగు ఎంత పూసినా ఆ చూపు చూపే, ఆ చిరునవ్వు చిరునవ్వే. తమరిలాగా సగం మొహాన్ని స్వాహా చేసే కిరీటం మాకు తెలియదు.

తమ పుట్టుక సంగతి కూడా కొంచెం కదపాలి. 1939లో 'డిటెక్టివ్ కామిక్స్' అనే బొమ్మల కథల పత్రిక 27వ సంచికలో తమరు మొదటిసారి కనిపించారు. చిత్రకారుడు బాబ్ కేన్ మొదట గీసిన బొమ్మలో తమరు లేనే లేరు. ఎర్రటి దుస్తులు, బిరుసైన రెక్కలు, కళ్లకు చిన్న పట్టీ మాత్రమే ఉన్న మనిషి ఉన్నాడు. ఆ పట్టీ తీసేసి నిలువు చెవులున్న ముసుగు పెట్టు, రెక్కల బదులు అంగవస్త్రం వెయ్యి, రంగు ముదురు చెయ్యి అని చెప్పింది రచయిత బిల్ ఫింగర్. తమకు ప్రాణం పోసింది ఆయన, పేరు వేసుకున్నది కేన్. ఫింగర్ 1974లో కన్నుమూశాడు. బ్యాట్‌మన్ సృష్టిలో ఆయనకూ భాగం ఉందని కంపెనీ వారు ఒప్పుకుని పేరు వేయడానికి 2015 దాకా పట్టింది. అంటే తమరు కప్పేసిన మొదటి మొహం ఏ నటుడిదీ కాదు, తమను కన్న తండ్రిది. ఆ తరవాత వచ్చిన వాళ్లకు మాత్రం న్యాయం చేస్తారని ఎలా అనుకుంటాం?

తెర మీద తమ మొదటి బాధితుడు లూయిస్ విల్సన్. 1943లో సినిమాహాళ్లలో వేసిన 15 భాగాల సీరియల్. అందులో తమ చెవులు గబ్బిలం చెవులకన్నా దెయ్యం కొమ్ములకే దగ్గర. 1949లో రాబర్ట్ లోవరీ తొడుక్కున్నాడు. ఇద్దరినీ ఈ తగాదాలో ఎవరూ తలుచుకోరు. కనీసం నేను తలుచుకున్నాను, పుణ్యం నాకే.

ఆడమ్ వెస్ట్ దగ్గర మాత్రం ఆగాలి. 1966 నుంచి 1968 దాకా టెలివిజన్‌లో 120 భాగాలు, మధ్యలో ఒక సినిమా. ఆ రోజుల్లో తమరు రబ్బరు దొర కాదు, మామూలు గుడ్డ. తమకు కనుబొమలు లేవని గుర్తొచ్చి ఎవరో తమ నుదుటి మీద రంగుతో గీతలు గీశారు. కోపం వచ్చినా, జాలి కలిగినా, ప్రేమ పుట్టినా కనుబొమలు అక్కడే ఉంటాయి. అలాంటి ముసుగు వేసుకుని వెస్ట్ పట్టపగలు పోలీసు కమిషనర్ గదిలోకి నడిచి వెళ్లి, కుర్చీ లాక్కుని కూర్చుని మాట్లాడాడు. సినిమాలో బాంబు సన్నివేశం తమకు గుర్తుండే ఉంటుంది. గుండ్రటి నల్లటి బాంబు, వత్తి చుర్రుమని కాలుతోంది. దాన్ని నెత్తి మీదికి ఎత్తుకుని ఓడరేవంతా పరుగెడతాడు. ఎక్కడ విసిరేద్దామన్నా ఎవరో ఒకరు అడ్డం. ఒక చోట సన్యాసినులు, ఒక చోట పసిపిల్లను బండిలో తోసుకుపోతున్న తల్లి. నీళ్లలో వేద్దామంటే పడవలో ప్రేమజంట. ఇంకో వైపు చూస్తే బాతు పిల్లలు! ఒక్క క్షణం కూడా వెస్ట్ మనకేసి చూసి కన్ను గీటడు. బాతు పిల్లల ప్రాణాలు నిజంగానే తన చేతిలో ఉన్నంత గంభీరంగా వెనక్కి తిరుగుతాడు. నవ్వు పుట్టేది ఆ గంభీరతకే. వెస్ట్‌ది వెకిలి బ్యాట్‌మన్ అని కొట్టిపారేసే వాళ్లను ఒకసారి ఆ బాంబు ఎత్తుకుని మొహం కదలకుండా పరుగెత్తమనండి, తెలుస్తుంది.

తరవాత కీటన్. 1988లో అతని పేరు ప్రకటించగానే అమెరికాలో అభిమానులు అగ్గిమీద గుగ్గిలమయ్యారు. హాస్యపాత్రలు వేసేవాడు, బక్కపలుచటి మనిషి, ఇతనా మా వీరుడు అంటూ సినిమా తీసే వార్నర్ బ్రదర్స్ కంపెనీకి యాభై వేల ఉత్తరాలు రాశారని చెబుతారు. ఉత్తరాలు రాసిన వాళ్లకు తెలియని సంగతేమిటంటే, అసలు ఇబ్బంది కీటన్‌తో కాదు, తమరితో. 1989 నాటికి తమరు నురుగు రబ్బరుతో పోత పోయించుకుని, మెడనూ భుజాలనూ కలిపి ఒకే ముద్ద అయ్యారు. శత్రువుల మెడలు వంచవలసిన వీరుడికి తన మెడ తిరగదు! పక్కనున్న మనిషిని చూడాలంటే నడుము దాకా మొత్తం తిప్పాలి.

మరొకడైతే కాళ్లు విరిగిన బల్లలా మిగిలిపోయేవాడు. కీటన్ ఆ బిరుసునే పాత్ర చేశాడు. ఎవరైనా వెనకనుంచి పిలిస్తే తల కదలదు, ఒక్క క్షణం ఆగుతుంది, తరవాత శరీరమంతా ఒక్క ఊపున తిరుగుతుంది. మనిషి కానిదేదో మనవైపు తిరిగినట్టు ఉంటుంది. ముసుగులో ఉన్నప్పుడు మాటలు కూడా తగ్గించమని తనే అడిగాడు. ఇక చేతికి చిక్కింది కళ్లు. తమ రెండు రంధ్రాల్లోంచి ఆ కళ్లు ఎంత పని చేశాయో నిదానంగా చూస్తే గాని తెలియదు. తమను వేసుకున్న వాళ్లందరిలో తమతో పోరాడి గెలిచినవాడు కీటన్ ఒక్కడే అని నా తీర్పు. దీని మీద అప్పీలు లేదు.

కళ్ల మాట వచ్చింది కాబట్టి తమ పాత మోసం ఒకటి బయటపెడతాను. కంటికీ ముసుగుకూ మధ్య చర్మం కనబడకుండా నటులకు కళ్ల చుట్టూ నల్లరంగు పూస్తారు. 1992లో వచ్చిన 'బ్యాట్‌మన్ రిటర్న్స్' చివర్లో కీటన్, తాను ప్రేమించిన పిల్లి వేషగత్తె క్యాట్‌వుమన్ ఎదుట తమను చించి పారేస్తాడు. కథకు అది గుండెకాయ. ఒక ప్రేమికుడు మొదటిసారి తన అసలు మొహం చూపిస్తున్నాడు. మరి ముందు షాట్‌లో కళ్ల చుట్టూ ఉన్న నల్లరంగు చించే షాట్‌కు ఎక్కడికి పోయింది? మాయం! శుభ్రంగా తుడిచిన మొహం బయటికొస్తుంది. ఆ తరవాత చాలా ఏళ్లు తమ సినిమాల్లో ఆ రంగు సంగతి పెద్దగా ఎవరూ ఎత్తలేదు. 2022లో ప్యాటిన్సన్ తమను తీసినప్పుడు కళ్ల చుట్టూ మసి అలాగే ఉంది, చెమటకు కారి బుగ్గల దాకా వచ్చింది. నిద్రలేని, తిండి పట్టని పిల్లవాడు కనిపించాడు. అతని నటనంతా ఆ మసిలోనే ఉంది. అయినా 176 నిమిషాల సినిమాలో తమను దించిన సేపు వేళ్ల మీద లెక్కపెట్టేటట్టు ఉంటే పాపం ఏం చేస్తాడు?

వాల్ కిల్మర్ 1995లో వచ్చాడు. మంచి నటుడు, గొప్ప పెదవులు. 2021లో తన జీవితం మీద వచ్చిన డాక్యుమెంటరీలో ఆయనే చెప్పుకున్నాడు. ఆ దుస్తుల్లో ఏమీ వినబడదు, లేవాలన్నా కూర్చోవాలన్నా సాయం పట్టాలి, కొన్నాళ్లకు మనుషులు మాట్లాడించడమే మానేస్తారు. పిల్లలందరూ కలలుగనే వేషం దొరికింది గాని లోపల మనిషికి మిగిలింది చెవుడూ ఒంటరితనమూ. పైకి అంత పొడుగు చెవులు పెట్టుకున్న తమరు లోపలివాడికి ఒక్క మాట వినబడనివ్వకపోవడం ఎక్కడి న్యాయం?

1997లో జార్జ్ క్లూనీ. ఆ సినిమాలో కవచానికి చనుమొనలు ఉన్నాయి, నడుము పట్టీలో క్రెడిట్ కార్డు ఉంది, ఆ కార్డుకు గడువు కూడా లేదు. క్లూనీ ఇప్పటికీ కనిపించిన చోటల్లా క్షమాపణ చెబుతూనే ఉంటాడు. ఆ కార్డు ఇచ్చిన బ్యాంకు వారు కూడా చెబితే బాగుంటుంది.

బేల్ సంగతి వేరు. ఒక సినిమా కోసం ఎముకల గూడుగా మారిన మనిషి, కొన్ని నెలల్లోనే బరువు పెంచి, కండలు తిప్పి 2005లో బ్యాట్‌మన్‌గా వచ్చాడు. తీరా ఏం చేశారు? ఆ కండల మీద రబ్బరు కండలు తొడిగారు. 2008లో వచ్చిన రెండో సినిమాలో మాత్రం అతను చేసిన ఒక మేలు మరువలేనిది. కొత్త దుస్తులు చేయించుకుంటూ, తల తిప్పుకోవడానికి వీలుండాలని, తన సరంజామా తయారుచేసే ఫాక్స్‌ను అడుగుతాడు. కారు వెనక్కి తీసుకోవడానికి పనికొస్తుందిలే అంటాడు ముసలాయన. పందొమ్మిదేళ్ల తరవాత ఒక సినిమా తనలోనే తమ మీద ఫిర్యాదు రాసుకుంది! తమకు సిగ్గేసిందా? వేసే ఉంటుంది, మెడ సడలించారు కదా. అయితే మెడ ఇచ్చి గొంతు తీసుకున్నారు. తమను వేసుకోగానే బేల్ నోట గరగరమంటూ గులకరాళ్లు దొర్లేవి. మాట అర్థం కాక మేము కింద అక్షరాలు చదువుకున్నాం. ముసుగు లేని బ్రూస్ వేన్‌గా, అంటే బ్యాట్‌మన్ అసలు మనిషిగా, అదీ విందుల్లో తాగినట్టు నటిస్తూ లోపల కుమిలే మనిషిగా, బేల్‌ను మించినవాడు లేడు. అంటే తమరు పక్కకు తప్పుకున్నప్పుడే అతను గెలిచాడు.

బెన్ అఫ్లెక్ వచ్చినప్పుడు 2013లో మళ్లీ అవే శాపనార్థాలు, ఈసారి ఉత్తరాల బదులు ఆన్‌లైన్ విన్నపాలు. తమకు పొందిక కుదిరిన దవడ ఇంతవరకు అదొక్కటే. చుబుకాల పోటీ అయితే కిరీటం అఫ్లెక్‌దే. కథల పోటీ అయితే మాట మారుద్దాం.

ఇంతమందిని పేర్చిన తరవాత అసలు సంగతికి వస్తాను. ఆ పాత్రను అందరికంటే ఎక్కువ కాలం మోసినవాడు సినిమా ముసుగు తొడగనే లేదు. 1992లో మొదలైన కార్టూన్ సీరియల్‌కు కెవిన్ కాన్రాయ్ గొంతు ఇచ్చాడు. బ్రూస్ వేన్‌కు ఒక గొంతు, బ్యాట్‌మన్‌కు మరొకటి. ఇద్దరూ ఒకే మనిషని వినగానే తెలుస్తుంది, ఇద్దరూ వేరని కూడా తెలుస్తుంది. గరగర లేదు, కేకలు లేవు. 2022 నవంబరులో చనిపోయేదాకా ఎన్నో కార్టూన్లకూ వీడియో గేములకూ అదే గొంతు. తమరు బయట వదిలిన పెదవులూ చుబుకమూ కూడా ఆయనకు అక్కర్లేదు. ఒక గదిలో మైకు ముందు నిలబడి అన్నదమ్ముల్లాంటి ఆ ఇద్దరినీ వేరుచేసి చూపించాడు. కామిక్స్ బాగా చదివినవాళ్లను అడిగి చూడండి, పుస్తకం తెరవగానే వాళ్ల చెవిలో వినబడేది కాన్రాయ్ గొంతేనని చాలామంది చెబుతారు.

కొత్త బ్యాట్‌మన్‌తో ఇంకో సినిమా తీస్తామని 2023లో ప్రకటించారు. నటుడి పేరు బయటికొచ్చిన రోజు ఏం జరుగుతుందో తమకూ తెలుసు, నాకూ తెలుసు. ఇతనా, ఇతని మొహానికా అని అందరూ అరుస్తారు, ఆ మొహం తమ లోపలే ఉండిపోతుందన్న సంగతి మరిచిపోయి. నా విన్నపం చిన్నది. చెవుల దగ్గర వినబడేటన్ని రంధ్రాలు, మెడ దగ్గర నాలుగు వేళ్ల వదులు. దర్శకుడి మాట చెవిన పడితే కొంచెం మెరుగ్గా నటిస్తాడు, పిలిచినవాడి వైపు తల తిప్పగలిగితే ఇంకొంచెం. కుదరదంటే కనీసం నల్లరంగు డబ్బా దగ్గరుంచండి, షాట్ మారినా మాయం కాకుండా.

ఇట్లు,
కీటన్ పక్షాన వాదించి, ఓటు మాత్రం కాన్రాయ్‌కి వేసే
తమ ప్రేక్షకుడు