రేవు మీద పగ

అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే. 2025 జూన్ 10, మంగళవారం పొద్దున ఇజ్రాయెల్ యుద్ధనౌకలు యెమెన్‌లోని హొదైదా రేవు మీద క్షిపణులు వేశాయి. ఏడాదిగా విమానాలు వచ్చి బాంబులు వేసి పోతున్నాయి కాబట్టి హొదైదాకు దాడులు కొత్త కాదు. నౌకాదళమే వచ్చి జెట్టీలను కొట్టడం మాత్రం ఇదే మొదటిసారి. హొదైదాను గుప్పిట్లో పెట్టుకున్న యెమెన్ సాయుధ వర్గం హూతీలు ఆగకపోతే సముద్ర దిగ్బంధం, గగన దిగ్బంధం తప్పవని ఇజ్రాయెల్ రక్షణమంత్రి హెచ్చరిక కూడా జోడించారు. ఇది ప్రతీకారమని వాళ్లే చెబుతున్నారు. మా అభ్యంతరం ఆ మాట దగ్గరే మొదలవుతుంది.

ఇజ్రాయెల్ వాదన తెలియనిది కాదు: మే 4న హూతీల క్షిపణి టెల్ అవీవ్ దగ్గరి బెన్ గురియన్ విమానాశ్రయం ఆవరణలోనే పడింది, ఆయుధాలు ఈ రేవు గుండానే దిగుతున్నాయని వారి ఆరోపణ. సరే, అంతా నిజమే అనుకుందాం. అయినా క్షిపణి లేచిన చోటు వేరు, దెబ్బ తిన్న చోటు వేరు. దెబ్బ తిన్నది గోధుమలు దిగే చోటు.

యెమెన్ దిగుమతుల్లో దాదాపు 70 శాతం హొదైదా మీదుగానే వస్తాయి. అలాంటి రేవులో ఏం విరిగితే ఏం ఆగుతుందో కృష్ణపట్నంలో పనిచేసే ఏ కూలీని అడిగినా చెబుతాడు. గోధుమ ఓడ వస్తే క్రేన్ పంజా (గ్రాబ్) ఓడ పొట్టలోకి దిగి గింజను ఎత్తి హాపర్ అనే పెద్ద గరాటులో పోస్తుంది. హాపర్ కింద లారీ నిండుతుంది. క్రేన్ పోతే సొంత క్రేన్లున్న ఓడలే రావాలి. అవి చిన్నవి, నిదానంగా దించుతాయి. నాలుగు రోజుల పని పది రోజులవుతుంది, ఆలస్యానికి డెమరేజి పడుతుంది, అదంతా చివరకు రొట్టె ధరలో తేలుతుంది. ఓడలను నెట్టే చిన్న పడవలైన టగ్గులు పోతే పెద్ద ఓడ అసలు బెర్తుకే, అంటే అది ఆగే చోటికే, చేరదు. దాని పక్కన ఆనించి నెట్టే బలం లేకుండా రేవులోకి దారి చూపే ఏ పైలటూ దాన్ని లోపలికి తేడు. 2024 డిసెంబరు దాడుల్లో హొదైదాలో దెబ్బతిన్నవి ఆ టగ్గులే. ఇప్పుడు కొట్టింది బెర్తులను. జెట్టీ అంచు పగిలితే రబ్బరు ఫెండర్లు ఊడిపోతాయి, ఓడ పొట్ట నేరుగా కాంక్రీటుకు రాసుకుంటుంది. శిథిలాలు నీళ్లలో పడితే అడుగు లోతు ఎంత మిగిలిందో డైవర్లు దిగి చూసేదాకా ఎవరూ చెప్పలేరు. అంతవరకూ బీమా కంపెనీ ఒప్పుకోదు, ఓడ యజమాని కదలడు. రెండు క్షిపణులు చాలు, వారాలు పోతాయి.

ఈ రేవు క్రేన్ల కథ వేరే చెప్పాలి. 2015 ఆగస్టులో హూతీలతో పోరాడుతున్న సౌదీ కూటమి విమానాలు వాటిని కూల్చాయి. ప్రపంచ ఆహార కార్యక్రమం బదులుగా నాలుగు మొబైల్ క్రేన్లు పంపితే 2017 జనవరిలో ఆ కూటమే వెనక్కి తిప్పింది. ఏడాది బతిమాలాక 2018 జనవరిలో అవి దిగాయి. టెల్ అవీవ్‌పై హూతీల డ్రోన్ దాడికి జవాబుగా 2024 జులై 20న ఇజ్రాయెల్ విమానాలు మళ్లీ అదే రేవును కొట్టాయి. హ్యూమన్ రైట్స్ వాచ్ లెక్కన 41 చమురు ట్యాంకుల్లో కనీసం 29 పోయాయి, సరుకు దించే క్రేన్లు కూడా పోయాయి. హూతీల క్షిపణులు ఆగాయా? ఆగి ఉంటే మంగళవారం యుద్ధనౌకలతో పనేముంది?

విమానం కన్నా యుద్ధనౌక మాకు ఎక్కువ భయం కలిగిస్తోంది. విమానం దాదాపు 1,800 కిలోమీటర్లు వచ్చి, దారిలో ఆకాశంలోనే ఇంధనం నింపుకుని, బాంబు వేసి వెళ్లిపోతుంది. నౌక అలా కాదు, వారాల తరబడి రేవు ముఖాన నిలబడగలదు. అందుకే దిగ్బంధం అన్న మాట ఉత్త బెదిరింపు అనుకోలేం. దిగ్బంధానికీ పద్ధతి ఉంది. ఎప్పటి నుంచి, ఎంతకాలం, ఏ హద్దుల్లో అన్నది ప్రకటించాలి. తటస్థ దేశాల ఓడలు బయటపడేందుకు గడువివ్వాలి. జనాన్ని ఆకలితో మాడ్చడమే ఉద్దేశమైతే అసలు చెల్లదు. 1994 నాటి సాన్ రెమో నియమావళి చెప్పేది ఇదే. దిగుమతి తిండి మీద బతికే దేశానికి ఉన్న పెద్ద రేవును మూయడం దీనిలో ఏ మూలన ఇముడుతుంది?

ప్రతీకారం గురించి ఐక్యరాజ్యసమితి ఏనాడో తేల్చింది. విచిత్రమేమిటంటే అది కూడా యెమెన్ విషయంలోనే. 1964 మార్చి 28న బ్రిటిష్ విమానాలు హరీబ్ మీద దాడి చేస్తే, భద్రతా మండలి ఏప్రిల్ 9న 188వ తీర్మానం చేసింది. ప్రతీకార దాడులు సమితి సూత్రాలకు విరుద్ధమని అందులో ఖండించింది. ఆత్మరక్షణంటే మీద పడుతున్న దెబ్బను ఆపడం, ప్రతీకారమంటే పడ్డ దెబ్బకు లెక్క తీర్చుకోవడం. 1988 ఏప్రిల్‌లో అమెరికా యుద్ధనౌక గల్ఫ్‌లో మందుపాతరకు తగిలితే, నాలుగు రోజుల తర్వాత అమెరికా నౌకాదళం ఇరాన్ చమురు వేదికలను ధ్వంసం చేసింది. ఆత్మరక్షణ కింద ఆ దాడి నిలవదని 2003 నవంబరులో అంతర్జాతీయ న్యాయస్థానం చెప్పింది. చెప్పడానికి పదిహేనేళ్లు పట్టింది. ఆలోగా ఆ నీళ్లలోనే 1988 జులై 3న మరో అమెరికా యుద్ధనౌక ప్రయాణికుల విమానాన్ని కూల్చి 290 మందిని చంపింది. యుద్ధనౌకలు గుమిగూడిన సముద్రంలో తప్పులు ఈ స్థాయిలోనే జరుగుతాయి.

ఎక్కడి హొదైదా, ఎక్కడి నెల్లూరు అనేవారికి ఒక మాట. ఆయుధం దిగిందన్న అనుమానం చాలు, రేవును కొట్టొచ్చు అన్న సూత్రం ఒప్పుకుంటే అది హొదైదాలో ఆగదు. కృష్ణపట్నం రేవులో బొగ్గు దిగుతుంది. ఆ బొగ్గుతో నేలటూరులో కరెంటు పుడుతుంది. ఆ కరెంటు గ్రిడ్‌లో కలుస్తుంది. అదే తీరాన కాస్త దక్షిణాన శ్రీహరికోట ఉంది. కాబట్టి బొగ్గు జెట్టీ సైనిక లక్ష్యమే అని రేపు ఏ శత్రువైనా వాదిస్తే మన దగ్గర జవాబేమిటి? 2025 మేలోనే దేశమంతా సైరన్ల మాక్‌డ్రిల్ చూసింది, కాబట్టి ఇది గాలి కబురు కాదు. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ నౌక ఎమ్డెన్ మద్రాసు రేవులో చమురు ట్యాంకులను కాల్చినప్పుడు వేలమంది ఊరొదిలి పోయిన తీరం ఇది.

డబ్బు లెక్క కూడా ఉంది. హూతీల దాడుల భయంతో ఎర్ర సముద్రం వదిలి ఆఫ్రికా చుట్టి వెళ్లే ఓడకు 10 నుంచి 14 రోజులు అదనం. ఆ రోజులన్నీ రొయ్యల కంటైనర్ మైనస్ 18 డిగ్రీల దగ్గర కరెంటు తాగుతూనే ఉండాలి. నలభై అడుగుల కంటైనర్‌లో 18 టన్నుల సరుకు వేసుకుంటే, కిరాయి రెండు వేల డాలర్లు పెరిగితే కిలోకు తొమ్మిదిన్నర రూపాయల భారం. అది తల తీసి, పొట్టు ఒలిచి గడ్డకట్టించిన రొయ్య మీద లెక్క. చెరువులో తూకం మీద చూస్తే అయిదారు రూపాయలే రావాలి. ఇందుకూరుపేట గట్టు మీదో, కొత్తపట్నం గట్టు మీదో కొనేవాడు ఆ తేడా ఎప్పుడైనా రైతుకు వదిలాడా? చీమకుర్తి నుంచి ఐరోపాకు పోయే గెలాక్సీ గ్రానైట్ పలకలదీ, నల్ల సముద్రం నుంచి కృష్ణపట్నం పక్కన పంటపాలెం రిఫైనరీలకు వచ్చే పొద్దుతిరుగుడు నూనెదీ ఇదే దారి. యుద్ధ ప్రమాద బీమా ఈ ఎర్ర సముద్ర సంక్షోభానికి ముందు ఓడ విలువలో ఒక శాతంలో ఇరవయ్యో వంతు ఉండేది. 2024 ఆరంభంలో దాదాపు ఒక శాతానికి ఎగబాకింది. రేవుల మీద ఇలా దాడులు జరుగుతుంటే అది దిగుతుందని ఎవరూ ఆశపడొద్దు.

హూతీలను వెనకేసుకు రావడం మా పని కాదు. ఎరువుల ఓడ రూబిమార్‌ను ముంచింది వాళ్లే. ట్రూ కాన్ఫిడెన్స్ ఓడ మీద ముగ్గురు నావికులను చంపిందీ వాళ్లే. వాణిజ్య ఓడల మీద దాడులు ఆపాలని భద్రతా మండలి 2024 జనవరి 10న చేసిన 2722వ తీర్మానం నూటికి నూరుపాళ్లు సరైనదే. అయితే ఓడను కొడితే సముద్ర స్వేచ్ఛకు భంగమని గొంతు చించుకున్న రాజధానులు, ఆ ఓడ చేరే రేవును కొడితే ఎందుకు గొంతు సవరించుకుంటాయి? రేవు లేని సముద్ర స్వేచ్ఛ ఎవరికి కావాలి? ఆయుధాలే అసలు దిగులైతే, హొదైదాకు పోయే ఓడలను తనిఖీ చేసే ఐరాస యంత్రాంగం 2016 నుంచి జిబౌటీలో ఉంది. దానికి పడవలు, మనుషులు, డబ్బు ఇవ్వండి. క్షిపణి ఖర్చులో చిన్న వాటా చాలు.

ఇక ఢిల్లీ. 2024 జనవరిలో 22 మంది భారతీయులున్న మార్లిన్ లువాండా ట్యాంకర్ తగలబడితే ఐఎన్ఎస్ విశాఖపట్నం సిబ్బంది ఎక్కి మంటలు ఆర్పారు. దేశం గర్వపడింది, మేమూ రాశాం. ఓడలో మంట ఆర్పడానికి యుద్ధనౌకను పంపగలిగిన ప్రభుత్వానికి, రేవుకు మంట పెట్టడం తప్పని ఒక్క వాక్యం రాయడం అంత బరువా? ‘ఇరుపక్షాలూ సంయమనం పాటించాలి’ అన్న పాత కాగితం దుమ్ము దులిపి పంపితే కుదరదు. జెట్టీలను కొట్టడం తప్పు అని, దిగ్బంధం ఒప్పుకోం అని, ఆ రెండు మాటలూ పేరు పెట్టి చెప్పాలి. చెప్పే ధైర్యం లేకపోతే ప్రపంచ దక్షిణాది (గ్లోబల్ సౌత్) గొంతు మాదే అన్న బోర్డు దించేయండి.