గురి సంగతి తర్వాత, ముందు క్యాలిబర్ తేల్చండి

అమెరికాలో మన తెలుగోళ్ళకి ఇన్నాళ్ళూ కొట్టుకోవడానికి మూడే సబ్జెక్టులు ఉండేవి: ఏ హీరో, ఏ పార్టీ, ఏ సంఘం. టెక్సాస్‌లో ఉన్నవాళ్ళ మీద దేవుడికి దయ కలిగి నాలుగోది కూడా ఇచ్చాడు. క్యాలిబర్, అంటే పిస్టల్ గుండు లావు: నైన్ ఎంఎమ్మా, ఫార్టీ ఫైవా?

నవ్వకండి, ఇది ప్రాణాలకి సంబంధించిన విషయం. అర్ధరాత్రి దొంగ ఇంట్లో దూరాడు అనుకోండి, వాడిని ఒక్క గుండుకి అక్కడికక్కడే కూలబెట్టేది ఏది అన్నది ప్రశ్న, దీన్నే స్టాపింగ్ పవర్ అంటారు. డాలస్‌కి ఉత్తరాన మా కాలనీలో నెలకోసారి తలా ఒక వంట తెచ్చుకుని కలిసి తినే పాట్‌లక్‌లో ఇది మూడేళ్ళుగా నలుగుతోంది. ఒక పక్క ఫార్టీ ఫైవ్ అన్నయ్యగారు, పగలంతా డేటాబేస్‌లు చూసుకునే నెమ్మదైన మనిషి, ఇంకో పక్క నైన్ బావగారు (నాకు బావ కాదు, కాలనీ మొత్తానికి బావే). వీళ్ళిద్దరూ ప్లేట్లు పట్టుకుని ఎదురెదురుగా నిలబడ్డారంటే గుత్తి వంకాయ చల్లారాల్సిందే, వదిన వచ్చి ఇద్దరి చేతుల్లోంచి ప్లేట్లు లాక్కెళ్ళి మైక్రోవేవ్‌లో పెట్టాల్సిందే.

అసలు గొడవ ఎంత దూరమో కొలిచి చెప్తా. ఫార్టీ ఫైవ్ అంటే అంగుళంలో నూటికి నలభై ఐదు వంతులు, అంటే 11.43 మిల్లీమీటర్లు. నైన్ ఎంఎం అంటే పేరులోనే ఉంది. తేడా రెండున్నర మిల్లీమీటర్ల లోపు. ఇంట్లో డబ్బా తీసి ఒక పెసరబద్ద చేతిలో పెట్టుకుని చూడండి, దాదాపు అంతే. ఆ పెసరబద్ద మీదే మూడేళ్ళుగా ఇద్దరు స్నేహితులు మాటలు మానేసి, మళ్ళీ కలిసి, మళ్ళీ మానేశారు.

ఇక్కడ మన వీసా సోదరుల త్యాగం గురించి ఒక మాట చెప్పకపోతే పాపం తగులుతుంది. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-వన్-బి లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాడు తుపాకీ కొనకూడదు, దగ్గర పెట్టుకోకూడదు. కాకపోతే చట్టంలో కొన్ని మినహాయింపులు ఉన్నాయి, అందులో ఒకటి హంటింగ్ లైసెన్స్. అంటే రాష్ట్రం ఇచ్చే వేట లైసెన్స్ చెల్లుబాటులో ఉంటే కొనుక్కోవచ్చు. అలా జింకని జూలో తప్ప ఎక్కడా చూడనివాడు, కార్తీక మాసం నెల్లాళ్ళూ ఆమ్లెట్ కూడా ముట్టనివాడు, పర్సులో డెబిట్ కార్డు వెనకాల వేట లైసెన్స్ పెట్టుకుని తిరుగుతున్నాడు. గ్రీన్ కార్డు క్యూలో ఎన్నేళ్ళైనా నిలబెడతారు గానీ అడవిపందుల మీదకి మాత్రం వెంటనే పంపిస్తారు, ఈ దేశం ప్రాధాన్యతలు ఈ దేశానివి.

సరే పవర్ సంగతి. మన సినిమాల్లో చూశాం కదా, గుండు తగిలితే రౌడీ గాల్లో పది అడుగులు వెనక్కి ఎగిరి జీపు అద్దం పగలగొట్టుకుని పడతాడు. అన్నయ్యగారి ఫిజిక్స్ మొత్తం అక్కడిదే. న్యూటన్ మాత్రం మన ఇండస్ట్రీ మనిషి కాదు కాబట్టి వేరేగా చెప్పాడు. నైన్ ఎంఎం గుండు బరువు ఎనిమిది గ్రాములు వేసుకోండి, వేగం సెకనుకి 350 మీటర్లు వేసుకోండి, అది మొత్తం 80 కేజీల మనిషిలోనే ఆగిపోయిందనుకోండి, ఆ మనిషి వెనక్కి కదిలే వేగం సెకనుకి మూడున్నర సెంటీమీటర్లు. ఫార్టీ ఫైవ్‌కి అదే లెక్క వేస్తే, గుండు 15 గ్రాములు, వేగం 255, ఐదు సెంటీమీటర్లు కూడా రాదు. ఇంజినీరింగ్ ఎంట్రన్స్‌లో ర్యాంకు కొట్టిన బుర్రలు మావి, ఈ లెక్క రెండు నిమిషాల పని, ఐనా ఎవరూ వెయ్యరు. ఎందుకంటే దొంగని పది అడుగులు ఎగరగొట్టే పవరే గుండులో ఉంటే, కాల్చిన అన్నయ్యగారు కూడా అటు ఎగిరి సోఫా వెనకాల పడాలి కదా, అది మర్యాదగా ఉండదు.

ఫార్టీ ఫైవ్ పక్షానికి ఒక శాస్త్రం ఉంది, ఒక పురాణం కూడా ఉంది. ఫిలిప్పీన్స్‌లో మోరో యోధులు కత్తి పట్టుకుని మీదకి వస్తుంటే అమెరికా సైనికుల థర్టీ ఎయిట్ రివాల్వర్లు వాళ్ళని ఆపలేకపోయాయి, దాంతో సైన్యానికి అనుమానం వచ్చింది. 1904లో కెప్టెన్ థాంప్సన్, మేజర్ లాగార్డ్ అని ఇద్దరిని చికాగో పశువుల కబేళాకి పంపారు (ఆ థాంప్సనే తర్వాత టామీ గన్ అనే సబ్‌మెషిన్ గన్ వెనకాల పేరు). వాళ్ళు మనుషుల శవాలని వేలాడదీసి కాల్చి, గుండు తగిలాక ఎంత ఊగాయో చూసి రాసుకున్నారు. తర్వాత బతికున్న పశువుల్ని రకరకాల క్యాలిబర్లతో కాల్చారు, కొన్ని పది గుళ్ళు తిన్నాక కూడా నిలబడే ఉంటే సుత్తితో కొట్టి చంపాల్సి వచ్చింది. ఈ భాగం నేను మా అమ్మమ్మకి చెప్పలేదు, చెప్పను కూడా.

చివరికి వాళ్ళు తేల్చింది, సైన్యానికి ఫార్టీ ఫైవ్‌కి తగ్గకుండా ఉండాలని. ఆ దారిలోనే తుపాకుల డిజైనర్ బ్రౌనింగ్ గారి 1911 పిస్టల్ వచ్చింది. ఈ వాక్యం అన్నయ్యగారికి విష్ణు సహస్రనామం కంటే బాగా వచ్చు. కానీ అదే రిపోర్టులో ఇంకా ఉంది. మెత్తటి భాగాల్లోంచి మాత్రమే దూసుకెళ్తే, తెగించి వచ్చేవాడిని ఆపే చేతి తుపాకీ గుండు ఏదీ మాకు తెలియదు, అలా ఆపాలంటే మూడంగుళాల ఫిరంగి గుండంత కావాలి అని వాళ్ళే రాశారు, రాసి, అందుకని పిస్టల్ పట్టుకునే సైనికుడికి గురి మీద విసుగూ విరామం లేకుండా ప్రాక్టీస్ ఇవ్వాలి అన్నారు. నూట ఇరవై ఏళ్ళు దాటింది. మొదటి ముక్క అందరికీ నోటికి వచ్చు, రెండో ముక్క గురించి అన్నయ్యగారిని అడిగితే అది సైనికులకి అండీ, మనకి కాదు అన్నారు. కరెక్టే. ఫార్టీ ఫైవ్ షాపులో దొరుకుతుంది, ప్రాక్టీస్ దొరకదు, దొరకని దాని గురించి మాట్లాడుకుని ఏం లాభం.

నైన్ బావగారి పక్షానికి ఇంతకంటే పెద్ద దెబ్బ 1986లో తగిలింది. ఏప్రిల్ 11న మయామీలో ఎనిమిది మంది ఎఫ్‌బీఐ ఏజెంట్లు ఇద్దరు బ్యాంకు దొంగల కారుని అడ్డగించారు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు, ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు, ఐదుగురు గాయపడ్డారు. ప్లాట్ అనే దొంగకి మొదట్లోనే ఒక నైన్ ఎంఎం గుండు చేతిలోంచి దూరి ఛాతీలోకి వెళ్ళి ఊపిరితిత్తిని పాడుచేసి, గుండెకి అంగుళం ఇవతల ఆగిపోయింది. ఆ తర్వాత కూడా వాడు రైఫిల్‌తో కాలుస్తూనే ఉన్నాడు. పోస్టుమార్టంలో వాడి ఒంట్లో డ్రగ్స్ కూడా లేవు. చివరికి అప్పటికే ఒక చెయ్యి పనిచేయని ఏజెంట్ ఒకాయన, మిరెలెస్, ముందు షాట్‌గన్‌తో, తర్వాత దగ్గరికి నడిచి వెళ్ళి పాతకాలం థర్టీ ఎయిట్ గుళ్ళు నింపిన రివాల్వర్‌తో ఆ పని ముగించాడు.

చనిపోయినవాళ్ళ మీద జోకు వేసేంత దుర్మార్గుణ్ణి కాను. తర్వాత జరిగిన దాని మీద మాత్రం వేస్తా. ఆ రోజు కార్లు గుద్దుకున్నప్పుడు ఒక ఏజెంట్ కళ్ళజోడు ఎగిరిపోయింది అంటారు, ఇంకొకాయన సీటు మీద పెట్టుకున్న రివాల్వర్ ఎటో జారిపోయింది, అవతలివాడి చేతిలో రైఫిల్, వీళ్ళలో ఎక్కువమంది చేతుల్లో చిన్న తుపాకులు. ఇన్ని ఉండగా అందరికీ గుర్తుండిపోయిన ముద్దాయి మాత్రం ఆ అంగుళం ఇవతల ఆగిన ఏడున్నర గ్రాముల గుండు. ఎఫ్‌బీఐ పది మిల్లీమీటర్ల పిస్టల్‌కి వెళ్ళింది. అది చేతిని తన్నే తన్నుడుకి చాలామంది ఏజెంట్లు తట్టుకోలేకపోయారు, తూటాలో మందు తగ్గించారు. మందు తగ్గాక అంత పొడుగు తూటా ఎందుకని 1990లో దాన్ని కురచ చేసి ఫార్టీ అని కొత్త క్యాలిబర్ దింపారు. దేశంలో సగం పోలీసు స్టేషన్లు దాని వెనకాల పరిగెత్తాయి. 2014కి వచ్చేసరికి క్వాంటికోలో తమ ట్రైనింగ్ సెంటర్‌లో కూర్చుని లెక్క చూసుకుంటే, ముక్కు దగ్గర గుంట ఉండే ఇప్పటి హాలో పాయింట్ గుళ్ళతో తేడా పెద్దగా లేదు, నైన్ ఎంఎం అయితే మనవాళ్ళు తొందరగా, సూటిగా కాలుస్తున్నారు అని తేలి మళ్ళీ నైన్ ఎంఎంకే వచ్చారు. గానుగెద్దు చుట్టూ తిరిగినట్టు దాదాపు ముప్పై ఏళ్ళు. ఈ మధ్యలో ఎన్ని కంపెనీలు ఎన్ని లక్షల పిస్టళ్ళు అమ్ముకున్నాయో ఆలోచిస్తే, అసలు గొడవ తేలకపోవడమే అందరికీ మంచిదని నాకు జ్ఞానోదయం అయింది.

హాలో పాయింట్ అంటే గుర్తొచ్చింది, తగలగానే పువ్వులా విచ్చుకునే గుండు మన దేశంలోనే పేరు తెచ్చుకుంది, కలకత్తా పక్కన డమ్‌డమ్ ఆయుధాగారంలో, తెల్లదొరల చలవ. యుద్ధాల్లో వాడకూడదని 1899లో హేగ్‌లో ఒప్పుకున్నారు. ఇక్కడ మాత్రం షాపులో యాభై గుళ్ళ డబ్బా, సేల్ ఉంటే డిస్కౌంట్.

ఇదే ఎఫ్‌బీఐ 1989లో ఒక పేపర్ రాసుకుంది. అందులో ఒక మాట, గుండె మొత్తం ధ్వంసమైనా సరే మెదడులో మిగిలిన ఆక్సిజన్‌తో మనిషి ఇంకో పది పదిహేను సెకన్లు తను అనుకున్న పని చేయగలడు. పది సెకన్లంటే ఎంతో తెలుసా, బావగారు ఫోన్‌లో గ్రెయిన్స్ చార్ట్ (గ్రెయిన్ అంటే గుండు బరువు కొలత) ఓపెన్ చేసేంత. అందుకే వాళ్ళు పవర్ అనే మాట పక్కనపెట్టి రెండే చూడమన్నారు, ఎక్కడ తగిలింది, ఎంత లోతు వెళ్ళింది. లోతు సంగతి గుండు తయారుచేసినవాడు చూసుకుంటాడు, జెల్లీ దిమ్మలో కాల్చి పన్నెండు అంగుళాల పైన పద్దెనిమిది లోపల దిగిందా లేదా అని. ఎక్కడ తగిలింది అన్నది మాత్రం పట్టుకున్నవాడి పని. షాట్ ప్లేస్‌మెంట్ అంటే అంతే. డబ్బా మీద ప్రింట్ చేసి అమ్మలేరు కాబట్టి దానికి ఫ్యాన్స్ లేరు.

ఇక తగలడం సంగతి. న్యూయార్క్ పోలీసుల మీద ర్యాండ్ సంస్థ 2008లో ఇచ్చిన రిపోర్టు ప్రకారం, అవతలివాడు కూడా ఎదురు కాలుస్తుంటే పోలీసుల గుళ్ళలో తగిలినవి వందకి పద్దెనిమిది. జీతం తీసుకుని, ట్రైనింగ్ తీసుకుని, వందకి పద్దెనిమిది. మిగిలిన ఎనభై రెండు ఎక్కడికో వెళ్తాయి కదా. మా కాలనీ ఇళ్ళ గోడలు షీట్‌రాక్, క్యాలెండర్ కోసం మేకు కొడితే లోపల ఖాళీలోకి పడిపోయే సరుకు, ఏ క్యాలిబర్ అయినా దాన్ని బియ్యప్పిండి అప్పడంలా చీల్చుకుని పక్క గదిలోకి పోతుంది. పక్క గదిలో ఎవరు పడుకుంటారో ఏ చార్ట్‌లోనూ ఉండదు.

టెక్సాస్‌లో ఇదివరకు తుపాకీ జేబులో పెట్టుకు తిరగాలంటే లైసెన్స్ కోసం ఒక పరీక్ష పెట్టేవారు, మూడు, ఏడు, పదిహేను గజాల నుంచి యాభై గుళ్ళు, డెబ్బై శాతం వస్తే పాస్. 2021 సెప్టెంబర్ 1 నుంచి ఇరవై ఒక్కటి నిండి చట్టం అడ్డురాని ఎవరికైనా ఆ లైసెన్స్ అక్కర్లేదు, కావాలంటే తీసుకోవచ్చు. మన పిల్లలకి రెండో క్లాసులో స్పెల్లింగ్ టెస్ట్ తప్పించుకునే దారి మాత్రం ఇంకా దొరకలేదు.

ఇంత తెలిసినవాడివి నువ్వేం చేశావ్ అని అడుగుతారు. నేనూ వెళ్ళా, ఒక శనివారం, బావగారే తీసుకెళ్ళారు రేంజ్‌కి. ఏడు గజాల దూరంలో కాగితం మీద నల్ల బొమ్మ, మా హాల్లో సోఫా నుంచి టీవీకి ఇంకో నాలుగడుగులు కలిపితే అంతే. చెవులకి డిప్పలు, కళ్ళకి అద్దాలు, చేతుల్లో చెమట. ఐదు కాల్చా. మూడు కింద ఎడమ పక్కన గుంపుగా పడ్డాయి, ఒకటి బొమ్మ మోచేతి బయట తెల్ల కాగితంలో, ఇంకోటి కాగితం మీద లేనే లేదు. బావగారు వెంటనే ఇది క్యాలిబర్ సమస్య అన్నారు. వెనకాల నిలబడ్డ ముసలి ఇన్‌స్ట్రక్టర్ ఏం మాట్లాడకుండా నా తుపాకీ మ్యాగజైన్, అంటే గుళ్ళు నింపే డబ్బీ, తీసుకుని, అటు తిరిగి, అసలు గుళ్ళ మధ్యలో ఒక రెండు ఉత్తుత్తివి కలిపి నాకు తిరిగి ఇచ్చాడు. మూడో సారి ట్రిగ్గర్ నొక్కితే టక్ అంది, పేలలేదు. పేలకుండానే తుపాకీ మూతి రెండంగుళాలు కిందకి వంగింది. అంటే చప్పుడుకి భయపడి పేలకముందే నా చెయ్యి దాన్ని కిందకి నొక్కేస్తోంది, అదీ సంగతి. ఆ వంగడం నేను చూశా, ఆయన చూశాడు, బావగారు చూశారు. జానెడు పక్కకి పోయే చేతికి పెసరబద్ద ఏం సాయం చేస్తుందో ఆ క్షణం నాకు అర్థమైంది, కానీ బయటికి అనలేదు, పాట్‌లక్‌లో చెడ్డపేరు వస్తుందని.

తర్వాత బావగారు కాల్చారు. ఆయనవీ కింద ఎడమ పక్కనే. కారులో ఇద్దరం ఏసీ వెంట్‌కేసి చూస్తూ వచ్చాం. ఎగ్జిట్ దగ్గర ఆయన మెల్లగా అడిగారు, పోనీ ఫార్టీ తీసుకుంటే ఎట్లా ఉంటదంటావ్?

పోయిన ఆదివారం పాట్‌లక్ అన్నయ్యగారి ఇంట్లో. ఈసారి చర్చ 124 గ్రెయిన్లా 147 గ్రెయిన్లా అన్న దాకా వెళ్ళి, రాత్రి పన్నెండున్నరకి అన్నయ్యగారు తన ఫార్టీ ఫైవ్ చూపిస్తానని పైకి వెళ్ళి ఉత్త చేతులతో దిగారు, సేఫ్ కోడ్ మర్చిపోయారట, వదినకి తెలుసు గానీ ఆవిడ పడుకుంది. గుళ్ళ డబ్బా మాత్రం తెచ్చారు, కవర్ సీల్ కూడా తీయలేదు, సేల్‌లో కొన్న స్టిక్కర్ అలాగే ఉంది. అందరం చేతులు మార్చుకుంటూ దాని మీద నంబర్లు చదివి, గుడ్ నైట్ చెప్పుకుని వచ్చేశాం.

పొద్దున ఏడింటికి కాలనీ గ్రూప్‌లో వాళ్ళ పక్కింటాయన ఫొటో పెట్టాడు. కింద ఒకటే లైను: మీ గరాజ్ డోర్ రాత్రంతా తెరిచే ఉంది, లోపల లైటు కూడా వెలుగుతోంది, అంతా ఓకేనా?